ట్రామా కేర్ ట్రైనింగ్: యాక్సిడెంట్ తర్వాత ఆ మొదటి గంట.. డాక్టర్లు, నర్సులు మళ్లీ మళ్లీ ఎందుకు నేర్చుకోవాలి? పూర్తి వివరాలివే

మెదక్ జిల్లా, శంకరంపేట: హైవే మీద యాక్సిడెంట్ అయ్యింది. 108 వచ్చింది. దగ్గర్లోని దవాఖానాకు తీసుకెళ్లారు. ఆ తర్వాత వార్తల్లో వచ్చే లైన్ అందరికీ తెలిసిందే.. 'ప్రథమ చికిత్స అనంతరం మెరుగైన వైద్యం కోసం హైదరాబాద్ తరలించారు'. ఈ లైన్‌లో అందరూ 'హైదరాబాద్' అనే మాటే చూస్తారు. కానీ మనిషి బతకడం, బతకకపోవడం చాలాసార్లు 'ప్రథమ చికిత్స' అన్న దగ్గరే తేలిపోతుంది.

ఆ ప్రథమ చికిత్స చేసేది ఎవరు? పీహెచ్‌సీలో ఎంబీబీఎస్ డాక్టర్, స్టాఫ్ నర్సు, అంబులెన్స్‌లో ఈఎంటీ. వీళ్లు సర్జన్లు కాదు. మరి వీళ్లకు ఈ పని ఎవరు నేర్పుతారు? ఒకసారి నేర్చుకుంటే సరిపోతుందా? సరిపోదు. ఎందుకో చూద్దాం.

శంకరంపేట సంగతేంటి?

మెదక్ జిల్లాలో శంకరంపేటలు రెండు. పెద్దశంకరంపేట, అంటే రికార్డుల్లో శంకరంపేట (ఏ). ఇది సంగారెడ్డి నుంచి నాందేడ్ వైపు వెళ్లే 161 నంబర్ జాతీయ రహదారి మీద ఉంది. రెండోది చిన్నశంకరంపేట, శంకరంపేట (ఆర్). ఇది రామాయంపేట, చేగుంట వైపు, అంటే 44 నంబర్ హైవేకి దగ్గర. (108కి ఫోన్ చేసేటప్పుడు ఉత్త 'శంకరంపేట' అనకండి. పెద్దదా, చిన్నదా చెప్పండి. రెండూ పక్కపక్క ఊళ్లు కావు.)

రెండు చోట్లా కథ ఒకటే. పెద్ద రోడ్డు దగ్గర, పెద్ద ఆస్పత్రి దూరం. పెద్దశంకరంపేట నుంచి గాంధీ ఆస్పత్రికి వెళ్లాలంటే వంద కిలోమీటర్ల దరిదాపు. సంగారెడ్డిలో 2022లో, మెదక్‌లో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి కాబట్టి పరిస్థితి ఇదివరకటి కంటే నయమే. హైవేల మీద ప్రతి 35 కిలోమీటర్లకు ఒక ట్రామా సెంటర్ పెడతామని ఆరోగ్య శాఖ మంత్రి దామోదర రాజనర్సింహ కూడా ప్రకటించారు. బిల్డింగ్ కట్టొచ్చు, మెషీన్లు కొనొచ్చు. రాత్రి రెండింటికి డ్యూటీలో ఉన్న మనిషికి చెయ్యి తిరిగి ఉండాలి కదా. అసలు సమస్య అదే.

ఈ జిల్లాకు మరిచిపోలేని రోజు ఒకటుంది. 2014 జూలై 24. మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటు వద్ద స్కూల్ బస్సును నాందేడ్ ప్యాసింజర్ రైలు ఢీకొట్టింది. చిన్నపిల్లలు చనిపోయారు. గాయపడిన పిల్లల్ని హైదరాబాద్ వైపు పరుగున తీసుకెళ్లారు. ఒకేసారి అంతమంది వస్తే ఎవరిని ముందు చూడాలి? దీన్నే 'ట్రయాజ్' అంటారు. గట్టిగా ఏడుస్తున్న పిల్లాడు ఊపిరి తీసుకుంటున్నట్టే. సడి లేకుండా పడి ఉన్నవాడి దగ్గరికి ముందు వెళ్లాలి. వినడానికి సింపుల్‌గా ఉంటుంది. చుట్టూ తల్లిదండ్రులు అరుస్తుంటే చేయడం మాత్రం ప్రాక్టీస్ ఉంటేనే సాధ్యం.

ఒక విమానం కూలితే పుట్టిన కోర్సు

ట్రామా ట్రైనింగ్ అనగానే డాక్టర్లు ముందు చెప్పే పేరు ఏటీఎల్ఎస్. అంటే అడ్వాన్స్‌డ్ ట్రామా లైఫ్ సపోర్ట్. దీని వెనక ఒక విషాదం ఉంది.

1976 ఫిబ్రవరి 17. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం. జేమ్స్ స్టైనర్ అనే ఎముకల డాక్టర్ తన చిన్న విమానాన్ని తానే నడుపుకుంటూ భార్యాపిల్లలతో ఇంటికి బయల్దేరాడు. విమానం పొలంలో కూలింది. భార్య అక్కడికక్కడే చనిపోయింది. నలుగురు పిల్లల్లో ముగ్గురికి తీవ్ర గాయాలు. చీకట్లో, చలిలో పిల్లల్ని కాపాడుకుంటూ చివరికి ఒక చిన్న ఊరి ఆస్పత్రికి చేరాడు. అక్కడ అందిన వైద్యం చూసి ఆయనకు మతిపోయింది. పొలంలో ఉత్త చేతులతో తాను చేసినంత కూడా అక్కడ జరగలేదని తర్వాత ఆయన చెప్పుకొచ్చాడు. అలాగని అక్కడి డాక్టర్ల మీద మాత్రమే కోపం పెట్టుకోలేదు. వాళ్లకు ఎవరూ నేర్పలేదన్నది ఆయన పాయింట్. 1978లో అదే రాష్ట్రంలో తొలి కోర్సు జరిగింది. 1980లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ దాన్ని తీసుకుంది. ఇప్పుడు ఇండియా సహా చాలా దేశాల్లో నడుస్తోంది. మన దగ్గర దీనికి కేంద్రం ఢిల్లీ ఎయిమ్స్ ట్రామా సెంటర్.

గమనించారా? ఈ కోర్సు పుట్టిందే శంకరంపేట లాంటి ఊళ్ల కోసం. సిటీలోని స్పెషలిస్టుల కోసం కాదు. కానీ మన దగ్గర ఈ కోర్సుకు ఎక్కువగా వెళ్లేది పెద్ద ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్లు, పీజీ చేసేవాళ్లు. ఫీజు వేలల్లో ఉంటుంది, సీట్లు తక్కువ, క్లాసులు నగరాల్లోనే. పీహెచ్‌సీ డాక్టర్ రెండు మూడు రోజులు వెళ్లాలంటే ఇక్కడ ఓపీ ఎవరు చూస్తారు?

ఏం నేర్పుతారు?

మొత్తం కోర్సును ఐదు అక్షరాల్లో చెప్పొచ్చు. ఏ, బీ, సీ, డీ, ఈ. ముందు శ్వాస వెళ్లే దారి, తర్వాత ఊపిరి, తర్వాత రక్తప్రసరణ, ఆ తర్వాత మెదడు పరిస్థితి, చివరికి బట్టలు తీసి మొత్తం ఒళ్లు పరీక్ష చేసి మళ్లీ కప్పడం. కాలు విరిగి వంకర తిరిగి కనిపిస్తుంటే అందరి కళ్లూ దాని మీదికే పోతాయి. కానీ మనిషి చచ్చిపోయేది నాలుక వెనక్కి పడి గొంతు మూసుకుపోవడం వల్ల కావొచ్చు. ఏది ముందు చంపుతుందో దాన్ని ముందు ఆపాలి. కోర్సు అంతా ఈ ఒక్క రూల్ మీదే నడుస్తుంది.

ఇప్పుడు ఈ ఐదు అక్షరాలకు ముందు ఇంకోటి చేరింది. 'ఎక్స్'. అంటే ధారగా కారిపోతున్న రక్తం. ముందు దాన్ని ఆపి, ఆ తర్వాత మిగతావి. అంబులెన్స్ సిబ్బంది కోసం నడిచే పీహెచ్‌టీఎల్ఎస్ కోర్సులో ఇది ముందే వచ్చింది. ఏటీఎల్ఎస్ కూడా 2025లో వచ్చిన 11వ ఎడిషన్‌లో ఈ దారికే వచ్చింది.

పదేళ్ల కింద నేర్చుకున్నది ఇప్పుడు తప్పు కావొచ్చు!

మళ్లీ మళ్లీ నేర్చుకోవాలి అనడానికి మొదటి కారణం ఇదే. కొన్ని ఉదాహరణలు చూడండి.

ఒకప్పుడు రక్తం పోయిన పేషెంట్ రాగానే రెండు లీటర్ల సెలైన్ గబగబా ఎక్కించేవారు. ఇప్పుడు అలా వద్దంటున్నారు. సెలైన్ ఎక్కువైతే రక్తం పలచబడి గడ్డకట్టదు, ఒళ్లు చల్లబడుతుంది, ఆగిన రక్తస్రావం మళ్లీ మొదలవుతుంది. ఏటీఎల్ఎస్ 10వ ఎడిషన్ దాన్ని పెద్దవాళ్లకు ఒక లీటరుకు తగ్గించి, రక్తం తొందరగా ఎక్కించమంది.

ఛాతీలో గాలి నిండిపోయి గుండె, ఊపిరితిత్తులు నొక్కుకుపోతుంటే సూది గుచ్చి గాలి తీయాలి. పాత పుస్తకంలో ఆ సూది గుచ్చే చోటు ఛాతీ పైభాగం, కాలర్ బోన్ కింద. కొత్త పుస్తకంలో పెద్దవాళ్లకు చంక కింద పక్కభాగం. పాతది చదివి వదిలేసినవాళ్లకు ఈ మార్పు ఎలా తెలుస్తుంది?

ఇక ట్రానెక్సామిక్ యాసిడ్. రక్తస్రావం తగ్గించే చవక ఇంజెక్షన్. 2010లో వచ్చిన 'క్రాష్-2' అనే స్టడీలో 40 దేశాల్లో 20 వేలకు పైగా పేషెంట్ల మీద పరీక్షించారు. అందులో ఇండియా ఆస్పత్రులూ ఉన్నాయి. ఈ మందు ఇస్తే రక్తం పోయి చనిపోయేవాళ్లు తగ్గారు. కానీ మెలిక ఉంది. గాయమైన 3 గంటల్లోపే ఇవ్వాలి, ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది. 3 గంటలు దాటాక ఇస్తే మేలు జరగకపోగా హాని జరగొచ్చని 2011లో అదే స్టడీ లెక్కలు చెప్పాయి. అంటే ఇది హైదరాబాద్ వెళ్లాక ఇవ్వాల్సిన మందు కాదు, దారిలోనో పీహెచ్‌సీలోనో పడాల్సిన ఇంజెక్షన్. 'పెద్దాస్పత్రిలో చూసుకుంటారులే' అనుకుంటే టైమ్ అయిపోతుంది.

రెండో కారణం ఇంకా సింపుల్. మనుషులు మరిచిపోతారు. ట్రైనింగ్ అయిన కొన్ని నెలల నుంచే చేతి పనితనం జారిపోతుందని సీపీఆర్ మీద, ఏటీఎల్ఎస్ మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. అందుకే ఈ సర్టిఫికెట్లకు ఎక్స్‌పైరీ ఉంటుంది. బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ కార్డులకు 2 ఏళ్లు, ఏటీఎల్ఎస్‌కు 4 ఏళ్లు. రోజూ కేసులు చూసే సిటీ డాక్టర్‌కు చెయ్యి ఆడుతూనే ఉంటుంది. నెలకు ఒకట్రెండు సీరియస్ కేసులు వచ్చే చోట పనిచేసేవాళ్లకే రిఫ్రెషర్ ఎక్కువ అవసరం. జరిగేది మాత్రం రివర్స్.

యాక్సిడెంట్ ఒక్కటే కాదు

మెదక్ పల్లెల్లో ఎమర్జెన్సీ అంటే హైవే ఒక్కటే గుర్తుకు రాకూడదు. వానాకాలం వచ్చిందంటే పాముకాటు, పురుగుల మందు కేసులు. ఇక్కడే ఒక పెద్ద కన్ఫ్యూజన్ ఉంది. చెయ్యో కాలో తెగి రక్తం చిమ్ముతుంటే, నొక్కి పట్టినా ఆగకపోతే, పైన గట్టిగా కట్టు బిగించడం ప్రాణం కాపాడుతుంది. అదే కట్టు పాముకాటుకు కడితే హాని. కాలుకు రక్తం అందక పాడైపోతుంది, విప్పగానే విషం ఒక్కసారిగా ఎక్కే ప్రమాదం ఉంది. ఒకే కట్టు.. ఒకచోట మందు, ఇంకోచోట విషం.

కట్లపాము కాటు ఇంకా మోసం. రాత్రి నిద్రలో కరుస్తుంది, నొప్పి ఉండదు, గాటు కూడా సరిగ్గా కనిపించదు. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం. ఆ రెప్పలు చూసి గుర్తుపట్టడం ట్రైనింగ్‌తోనే వస్తుంది. ఇంకో సంగతి, పాము విషానికి ఇచ్చే ఇంజెక్షన్ డోసు పిల్లలకు తగ్గించకూడదు. పాము పిల్లాడిని చూసి విషం తక్కువ ఎక్కించదు కదా. కేంద్రం 2024 మార్చిలో తెచ్చిన పాముకాటు జాతీయ కార్యాచరణ ప్రణాళిక 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించాలంటోంది. ఇందులో సిబ్బంది శిక్షణే కీలకం.

రూల్స్ ఏం చెబుతున్నాయి?

డాక్టర్లు 5 ఏళ్లలో కనీసం 30 గంటల నిరంతర వైద్య విద్య, అంటే సీఎంఈ పూర్తి చేయాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళిలోనే ఉంది. కానీ ఆ 30 గంటల్లో ఎమర్జెన్సీ కేర్ ఇంత ఉండాలి అనే లెక్క లేదు. హోటల్ హాల్లో షుగర్ మీద లెక్చర్ విన్నా గంటే, బొమ్మ మీద గొంతులో ట్యూబ్ వేయడం ప్రాక్టీస్ చేసినా గంటే. ఇది మార్చాల్సిన విషయమని గట్టిగా అనిపిస్తుంది. 2023లో జాతీయ వైద్య కమిషన్ కొత్త నిబంధనలు తెచ్చి, అదే ఏడాది ఆగస్టులో పక్కన పెట్టేసింది. కాబట్టి ఇప్పటికీ నడుస్తున్నవి 2002 రూల్సే.

మరి తక్కువ ఖర్చుతో దారి లేదా? ఉంది. కేంద్ర ఆరోగ్య శాఖ 2021 డిసెంబర్‌లో ఎన్ఈఎల్ఎస్ పేరుతో మన దేశ పరిస్థితులకు తగ్గ కోర్సు తెచ్చింది. విదేశీ కోర్సుల మీద ఆధారపడకుండా డాక్టర్లు, నర్సులు, పారామెడిక్స్‌కు నేర్పాలన్నది ఉద్దేశం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీతో కలిసి 'బేసిక్ ఎమర్జెన్సీ కేర్' కోర్సు తయారు చేసింది. స్కానింగ్, వెంటిలేటర్ లేని చోట పనిచేసేవాళ్ల కోసమే ఇది. పుస్తకం ఫ్రీగా దొరుకుతుంది.

ఇక ఈఎంటీల విషయంలో తెలుగువాళ్లు ముందున్నారనే చెప్పాలి. 108 సర్వీస్ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. తర్వాత దేశంలో చాలా రాష్ట్రాలకు పాకింది. దాన్ని నడిపే ఈఎంఆర్ఐ, అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీతో కలిసి పారామెడిక్ కోర్సు కూడా నడిపింది. 2023 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం సామాన్యులకు, ఉద్యోగులకు సీపీఆర్ నేర్పే కార్యక్రమాన్నీ అక్కడి నుంచే మొదలుపెట్టింది.

ఊళ్లో ముందు పరుగెత్తేది ఆర్ఎంపీ దగ్గరికే అన్నది వేరే చెప్పక్కర్లేదు. వాళ్లకు ఉమ్మడి రాష్ట్రంలో వైఎస్ హయాంలో శిక్షణ మొదలై మధ్యలో ఆగింది. వాళ్లకు నేర్పాలా వద్దా అన్నది ఇప్పటికీ గొడవే. డాక్టర్ల సంఘాలు ససేమిరా అంటున్నాయి. వైద్యం చేయడం వేరు, రక్తం కారకుండా నొక్కి పట్టి 108కి ఫోన్ చేయడం వేరు. రెండోదానికి అభ్యంతరం ఉండక్కర్లేదు.

పోలీస్ కేసు అని చేర్చుకోకపోతే?

అలా అనడానికి వీల్లేదు. పరమానంద్ కటారా కేసులో 1989లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. ప్రభుత్వ డాక్టరైనా, ప్రైవేట్ డాక్టరైనా ముందు ప్రాణం కాపాడాలి, కాగితాలు తర్వాత. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 'గోల్డెన్ అవర్' అంటే గాయమైన తర్వాత గంట అని స్పష్టంగా రాశారు. గాయపడినవాళ్లకు సాయం చేసినవాళ్లను కేసుల్లో ఇరికించకుండా 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది.

2025 మే నుంచి నగదు రహిత చికిత్స పథకం కూడా వచ్చింది. రోడ్డు ప్రమాద బాధితులకు 7 రోజుల వరకు, గరిష్ఠంగా రూ.1.5 లక్షల దాకా చికిత్స ఉచితం. లిస్టులో లేని ఆస్పత్రికి వెళ్లినా పరిస్థితి నిలకడగా మారే వరకు చూడాల్సిందే. అంటే డబ్బుల్లేవని, కేసని చెప్పి బయటే ఆపే దారులు చట్టంలో ఒక్కొక్కటిగా మూసుకుపోతున్నాయి. పేషెంట్ లోపలికి వచ్చాక డ్యూటీలో ఉన్నవాళ్లకు చెయ్యి తిరిగి ఉందా లేదా అన్నదే మిగిలింది. మండలానికి ఒకరిద్దరు డాక్టర్లున్న చోట, వాళ్లను రెండు రోజుల ట్రైనింగ్‌కు పంపి ఆ రెండు రోజులు ఇక్కడ వేరేవాళ్లను డ్యూటీలో పెట్టడం జిల్లా వైద్యాధికారి ఆఫీసులో తేలాల్సిన పని.