గరివిడి నేల కింద నూట నలభై అడుగులు

వీధి మొదట్లో కరెంటు తీగలు బాగా కిందికి వేలాడుతున్నాయి. ఓ కుర్రాడు రిగ్గు బండి మీద నిలబడి వెదురు గెడతో వాటిని పైకెత్తి పడుతుంటే, బండి నెమ్మదిగా వెనక్కి వస్తోంది. వెనక కంప్రెసరు లారీ హారన్ కొడుతోంది. బండి నంబరు తమిళనాడుది. మన ఊళ్ళలో బోర్లు వేసే బళ్ళలో చాలా వాటి సొంతూరు తిరుచెంగోడు. రాత్రి ఎనిమిది దాటినా వైశాఖం ఉక్క తగ్గలేదు. మీరు పెరట్లో ఆ పాత నుయ్యి గట్టు పక్కన నిలబడండి. గాలి అటు వీస్తోంది, దుమ్ము మీ మీదికి రాదు.

నేల మీద రెండు గుర్తులున్నాయి. ఒకటి పసుపు రాసిన రాయి. పొద్దున ఒక పెద్దాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పెరడంతా నడిచి, అది నిలువుగా లేచిన చోట పెట్టించారు. రెండోది సున్నంతో గీసిన గుండ్రం. భూగర్భ జల శాఖలో చేసి రిటైరైన జియాలజిస్టు గీశారు. ఆయన నేలలో నాలుగు ఇనప కడ్డీలు దింపి, బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి చూశారు. నేల ఎంత తడిగా ఉంటే కరెంటుకి అడ్డు అంత తగ్గుతుంది. అయితే తక్కువ రీడింగు కనిపించగానే సంబరపడకూడదు. ఈ ప్రాంతంలో రాయి మెత్తబడి తెల్లటి సుద్ద అవుతుంది. తడి సుద్ద కూడా మంచి రీడింగే ఇస్తుంది, కానీ అది పట్టుకున్న నీటిని వదలదు. అందుకే ఆయన మీటరు పక్కన పెట్టి చుట్టుపక్కల నూతుల్లో తాడు దించి నీటి మట్టాలు కొలిచారు. ఊరి చివర గట్టు కోసిన చోట రాతి పొరలు ఏ దిక్కుకి సాగాయో, వాటిని అడ్డంగా కోస్తూ తెల్లటి పలుగురాతి చార ఎటు పోయిందో చూసి వచ్చాకే సున్నం గీశారు.

కొబ్బరికాయ పట్టిన పెద్దాయన మీద ఈయనకి చులకన లేదు. "పై పొర మెత్తబడిన చోట ఎక్కడ తవ్వినా ఎంతో కొంత చెమ్మ తగులుతుంది. ఆ మంచిపేరు ఆయనకి వస్తుంది. ఇంటికి ఏడాది పొడుగునా సరిపోయే నీరు కావాలంటే మాత్రం పగులు దొరకాలి" అంటారు. ఇంటాయన సున్నం గుండ్రాన్నే ఖాయం చేశాడు.

జాకీలు దిగాయి. బండి చక్రాలు నేల విడిచి లేచాయి. మాస్టు నిటారుగా నిలబడింది. కొబ్బరికాయ కొట్టి హారతిచ్చాక కంప్రెసరు గర్జించింది. ఇక మాటలు వినిపించవు, సైగలే.

మొదటి అడుగుల్లో ఎర్రమట్టి. తర్వాత గులాబీ రంగు పొడి, దాని వెంట తెల్లటి సుద్ద ముద్దలు. హెల్పరు పది అడుగులకోసారి పారతో ఇంత పొడి పట్టి గోడవారన కుప్పగా పోస్తున్నాడు. వరస తప్పకూడదని జియాలజిస్టు గట్టిగా చెప్పారు. రెండో కుప్ప దగ్గర కూర్చోండి. గుప్పెడు తీసి మగ్గులో కడగండి. సుద్ద నీళ్ళతో పాటు పోతుంది. అడుగున మిగిలిన ముదురెరుపు గింజలు గార్నెట్. మెరిసే నల్లటి రేకులు గ్రాఫైటు, పెన్సిలు ముల్లులో ఉండేదే. ఈ రాయి ఖొండలైటు. మన్యంలోని ఖోండుల పేరు మీద 1902లో వాకర్ అనే శాస్త్రవేత్త పెట్టిన పేరు. కోణార్క గుడిని కట్టింది ఇదే జాతి రాయితో. సుమారు వంద కోట్ల ఏళ్ళ కిందట నేల లోతుల్లో కాగి గట్టిపడిన రాయి ఇది. వానా ఎండా తగిలే పైభాగంలో మాత్రం అది కుళ్ళిపోతూ వచ్చింది. గార్నెట్‌లోని ఇనుము తుప్పుపట్టి నేలకి ఎరుపు వచ్చింది, ఫెల్డ్‌స్పార్ చివికి సుద్ద అయింది.

మూడో కుప్పలో నల్లటి పొడి కొద్దిగా కలిసింది. వేళ్ళకి మసిలా అంటుకుంది. గరివిడి వాళ్ళకి కొత్త కాదు, మాంగనీసు. దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది ఈ విజయనగరం గనుల్లోనే. గర్భాం, కోడూరు గనుల పేర్లు భూగర్భ శాస్త్ర పుస్తకాలకెక్కాయి. కోడూరైటు అనే రాతికి ఎల్.ఎల్. ఫెర్మర్ ఆ కోడూరు పేరే పెట్టాడు. ఇక్కడి శ్రీరాంనగర్‌లో ఫేకర్ ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం వెలిసింది కూడా ఈ ఖనిజం అండతోనే. తాతల కాలం నుంచి ఇక్కడి జనం ఖనిజం కోసం ఈ నేలని తవ్వుతున్నారు. ఈ రాత్రి అదే నేలని నీటి కోసం తవ్వుతున్నాం.

ముప్పై ఎనిమిది అడుగుల దగ్గర చప్పుడు మారింది. సుత్తి దెబ్బలు టంగుటంగున మోగాయి. "రాయి వచ్చింది సార్, కేసింగు దించేద్దామా?" అని హెల్పరు చేత్తో సైగ చేశాడు. జియాలజిస్టు తల అడ్డంగా ఊపారు. అది మెత్తబడిన పొర మధ్య చివకకుండా మిగిలిన గుండు. అక్కడ కేసింగు గొట్టం ఆపితే గుండు కింది సుద్ద నాలుగు వానలకే బోరులోకి జారి మోటారుని పట్టేస్తుంది. మరికాస్త దిగాక మళ్ళీ మెత్తటి పొడే వచ్చింది. అసలు రాయి నలభై ఏడు అడుగుల దగ్గర తగిలింది. రాతిలోకి మూడు అడుగులు దిగి, యాభై అడుగుల మేర ఏడంగుళాల పీవీసీ గొట్టం దించి గట్టిగా కూర్చోబెట్టారు.

ఇప్పుడు ఆరున్నర అంగుళాల బిట్టు. ఒక్కో రాడ్డు ఇరవై అడుగులు. నాలుగో రాడ్డు, ఐదో రాడ్డు... బూడిదరంగు పొడి పొగలా లేస్తోంది. తేమ జాడ లేదు. ఇంటావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చింది. "ఏటి బాబూ, దూళే వస్తంది గానీ సుక్క నీరైనా నేదేటి?" జియాలజిస్టు ఆమెకి కుప్పల వరస చూపించారు. "ఇంకా గట్టి రాయిలోనే ఉన్నామమ్మా. ఈ రాయి నీటిని తాగదు. దీనిలో పగులు తగలాలి."

ఈ నేలలో నీటి సంగతంతా ఆ కుప్పల్లోనే ఉంది. పైన మెత్తబడిన పొర తడిసిన గోనెసంచిలా వాన నీటిని పీల్చి ఉంచుకుంటుంది. దాని కింద గట్టి రాయి. ఆ రాతిలోని పగుళ్ళ గుండా పై నీరు కొద్దికొద్దిగా దిగుతుంది. బోరుకి వచ్చే నీరు ఆ పగుళ్ళదే. అంటే పాతాళంలో గంగ ఏదీ లేదు. పై పొర నిండితేనే కింది పగులుకి నీరు. లోతుకి పోయేకొద్దీ పైనున్న బరువుకి పగుళ్ళు మూసుకుపోతూ వస్తాయి. మూడు వందల అడుగులు, ఐదు వందల అడుగులు అని పందెం వేసినట్టు దించే వాళ్ళలో చాలామంది డబ్బులిచ్చి కొనేది ఎండు రాయినే. అడుగుల లెక్కన కట్టే కూలి, లోతు పెరిగేకొద్దీ రేటూ పెరుగుతుంది. ఎక్కడ ఆపాలో చెప్పే మనిషి పక్కన లేకపోతే సంసారాలు అప్పుల పాలవుతాయి. ఈ జిల్లాలో అలా మునిగిన ఇళ్ళు నాకు తెలుసు.

ఏడో రాడ్డు చివర్లో పొడి ముద్దముద్దగా పడింది. మరుక్షణం రాడ్డు చేతికి దొరకనట్టు జర్రున అరడుగు జారింది. ఒక్క ఊపున బురద నీరు మాస్టు సగం దాకా ఎగిరింది. పిల్లలు కేకలు పెట్టారు. ఇంటావిడ రెండు చేతులూ జోడించింది. నూట ముప్పై ఎనిమిది అడుగులు. కుప్పలో ఈసారి పలుగురాతి ముక్కలు, వాటి అంచుల మీద తుప్పు రంగు. నీరు చాలాకాలంగా అటు పారుతోందనడానికి ఆ తుప్పే సాక్ష్యం.

"ఇంకో వంద దించుదాం సార్, జోరు పెరుగుద్ది" అన్నాడు ఇంటాయన. జియాలజిస్టు ముందు కొలుద్దామన్నారు. రెండు అడుగులు అదనంగా దించి, గాలి ఊదుతూ నీరు తేటపడే దాకా ఆగి, కాలవకి అడ్డంగా వీ-నాచ్ రేకు పెట్టారు. రేకు మధ్య తొంభై డిగ్రీల కోణంలో కోత. దాని మొనకి పైన నీరు ఎంత ఎత్తున పారుతోందో స్కేలుతో చూడండి. ఒక అంగుళం ఉంటే నిమిషానికి 8.5 లీటర్లు. రెండు అంగుళాలైతే రెట్టింపు కాదు, 48 లీటర్లు. ఇక్కడ స్కేలు రెండు అంగుళాలు చూపింది. మనిషికి రోజుకి 135 లీటర్ల చొప్పున ఐదుగురికి 675 లీటర్లు. ఆ ధారకి పావుగంట కూడా పట్టదు. ఎండాకాలంలో ఊట సగానికి పడినా అరగంట. నూట నలభై దగ్గర ఆపేశారు. బండి కదిలే ముందు గొట్టం నోటికి స్టీలు మూత వేసి వెల్డింగు చేయించారు. నోరు తెరిచిన బోర్లు పసిపిల్లల్ని మింగాక, 2010లో సుప్రీంకోర్టు ఇలాంటి జాగ్రత్తలన్నీ తప్పనిసరి చేసింది.

తెల్లవారాక అసలు పని మొదలవుతుంది. తవ్విన గుంతకీ కేసింగు గొట్టానికీ మధ్య ఖాళీని చాలా ఇళ్ళలో రాతిపొడితో కప్పేసి వదిలేస్తారు. సెప్టిక్ ట్యాంకు నీరు దిగడానికి అదే రాజమార్గం. ఆ సందుని సిమెంటు పాలతో నింపి, పైన చుట్టూ గట్టు కట్టాలి. మోటారు ఊటకి తగినదే వేయాలి. ట్యాంకు త్వరగా నిండాలని పెద్దది వేస్తే నీరు పగులు కిందికి పడిపోయి మోటారు గాలి లాగుతుంది. నీటి సీసాని గ్రామీణ నీటి సరఫరా విభాగం లాబ్‌కి పంపాలి. మాంగనీసు నేల కదా, తోడినప్పుడు తేటగా ఉన్న నీరు గాలి తగిలాక బకెట్టుకి నల్లచారలు పట్టించవచ్చు. తాగే నీటిలో మాంగనీసు లీటరుకి 0.1 మిల్లీగ్రాము మించకూడదని ప్రమాణం. వేరే నీరు దొరకని చోట 0.3 దాకా ఒప్పుకుంటారు.

మీరు ఆనుకుని నిలబడ్డ ఈ నుయ్యి సంగతి ఇంకా మిగిలింది. బోరు పడింది కదా, దీన్ని చెత్తతో పూడ్చేద్దామని ఇంటాయన ఆలోచన. ఆయన తల్లి ఒప్పుకోవడం లేదు. "మీ తాత తవ్వించిన నుయ్యిరా. ఏ ఏసంగిలోనూ ఎండనేదు." ఆమె మాట భూగర్భ శాస్త్రానికి అక్షరాలా సరిపోతుంది. నుయ్యి అడుగు ఆ మెత్తబడిన పొరలోనే ఉంది, బోరుకి నీరు దిగేది ఆ పొర నుంచే. వంద చదరపు మీటర్ల డాబా మీద, ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకి పైగా వాన పడే ఈ ఊళ్ళో, లక్ష లీటర్లు కురుస్తాయి. ఐదో వంతు వృథాగా పోయినా ఎనభై వేల లీటర్లు మిగులుతాయి. ఆ నీటిని తొలివాన మురికి వదిలేసి, ఇసుకా కంకరా నింపిన తొట్టిలో వడగట్టి నూతిలోకి వదిలితే, ఇంటిల్లిపాదికీ నాలుగు నెలల వాడకం ఆ పొరలో చేరుతుంది. కొంత పక్కిళ్ళ నూతుల వైపు పోతుంది. పోనివ్వండి, వాళ్ళ డాబా నీరు కూడా మీ వైపే వస్తుంది.

వంద అడుగులు ఆదా అయ్యాయి కదా, ఆ డబ్బు ఈ తొట్టికీ గొట్టాలకీ పెట్టమని జియాలజిస్టు ఇంటాయనకి చెబుతున్నారు. ఆయన తలూపి, తాపీమేస్త్రీకి ఫోను చేస్తున్నాడు. రోహిణి కార్తె వెళ్ళేలోపు పని పూర్తవ్వాలి. మృగశిరలో పడే మొదటి వాన నుంచే ఈ ఇంటి నీరు ఈ నేలకి చేరాలి.