ధరావతు నుంచి కాగితం కోటా వరకు: భారతదేశంలో పత్రికా నియంత్రణ స్వరూపం

పత్రికా స్వేచ్ఛ చరిత్రను సంపాదకుల కారాగారవాసాల చరిత్రగా చెప్పుకోవడం తెలుగులో స్థిరపడిన అలవాటు. అందుకు కారణం లేకపోలేదు. 1908లో బెజవాడ నుంచి వెలువడుతుండిన 'స్వరాజ్య' పత్రికలో, తిరునల్వేలి కాల్పుల అనంతరం వచ్చిన రచనకుగాను సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావుపై రాజద్రోహ నేరం మోపబడింది. కింది న్యాయస్థానం విధించిన స్వల్ప శిక్షను హైకోర్టు మూడేళ్లకు పెంచింది. వేలూరు జైలులో ఆయన అనుభవించిన కష్టాలు ఆంధ్రదేశమంతటా ప్రచారమయ్యాయి. వందేమాతర ఉద్యమకాలంలో రాజమహేంద్రవరం శిక్షణ కళాశాల నుంచి బహిష్కృతుడైన ఒక విద్యార్థిని ఆ విచారణే ఆంధ్ర ప్రాంతపు తొలి రాజకీయ ఖైదీగా జనస్మృతిలో నిలిపింది.

పాలకుల దృష్టితో చూస్తే ఇది పూర్తి విజయం కాదు. రాజద్రోహ విచారణలో నేరారోపణకు గురైన వాక్యాన్ని న్యాయస్థానంలో చదివి వినిపించాలి, దాని అర్థంపై వాదోపవాదాలు జరగాలి. పత్రిక చదవని వారికి సైతం ఆ వాక్యం అప్పుడు తెలుస్తుంది. శిక్ష పత్రికను ఆపగలదు గాని ముద్దాయికి గౌరవం రాకుండా ఆపలేదు. ఈ అనుభవం నుంచి ప్రభుత్వాలు నేర్చుకున్న పాఠం ఇరవయ్యో శతాబ్దపు పత్రికా శాసనాలలో స్పష్టంగా కనిపిస్తుంది. అక్షరాన్ని శిక్షించడం కన్నా అక్షరానికి ఆధారమైన వస్తువులను అదుపులో ఉంచుకోవడం సులువు. ముద్రణయంత్రం, పూచీ సొమ్ము, కాగితం, రవాణా, విద్యుత్తు, ప్రకటనల రాబడి అటువంటి వస్తువులు. ఈ నియంత్రణ వలస పాలనలో ఎట్లా రూపుదిద్దుకున్నదో, స్వతంత్ర భారతంలో ఏ కొత్త సమర్థనలతో కొనసాగిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1878లో లిట్టన్ తెచ్చిన దేశభాషా పత్రికల చట్టంలోనే ఈ ధోరణికి బీజం ఉంది. అయితే ఆ చట్టాన్ని దక్షిణాదికి వర్తింపజేయలేదు. రిప్పన్ కాలంలో అది రద్దయింది. తెలుగు పత్రికా ప్రపంచానికి నిజంగా తగిలిన దెబ్బ 1910 నాటి పత్రికా చట్టం. దాని ప్రకారం కొత్తగా ముద్రణాలయం పెట్టే వ్యక్తి మేజిస్ట్రేటు వద్ద రూ.500కు తగ్గకుండా, రూ.2,000కు మించకుండా ధరావతు చెల్లించాలి. ప్రభుత్వానికి అభ్యంతరకరమని తోచిన రచన వస్తే ఆ ధరావతు జప్తు అవుతుంది. మళ్లీ ముద్రించాలంటే రూ.1,000 నుంచి రూ.10,000 వరకు కట్టాలి. రెండోసారి అపరాధం జరిగితే ధరావతుతో పాటు యంత్రం కూడా పోతుంది. జప్తును నిర్ణయించేది న్యాయస్థానం కాదు, ప్రభుత్వమే. బాధితుడు హైకోర్టుకు వెళ్లవచ్చు గాని, తన రచన చట్టం పేర్కొన్న ఏ దోషం కిందికీ రాదని అక్కడ తానే నిరూపించుకోవాలి. 'కామ్రేడ్' సంపాదకుడు మహమ్మదలీ కేసులో కలకత్తా ప్రధాన న్యాయమూర్తి లారెన్స్ జెంకిన్స్ 1913లోనే ఈ లోపాన్ని ఎత్తిచూపాడు. చట్టపు పరిధి ఎంత విస్తృతమో గుర్తించి కూడా ఆయన ఉపశమనం ఇవ్వలేకపోయాడు.

ఈ చట్టం ఎట్లా పనిచేసిందో మద్రాసులో అనీబిసెంట్ 'న్యూ ఇండియా' ఉదంతం తెలుపుతుంది. 1916 మే నెలలో ఆమె నుంచి రూ.2,000 ధరావతు కోరారు. ఆగస్టులో దానిని జప్తు చేసి రూ.10,000 అడిగారు. ఆమె ఆ మొత్తాన్ని చెల్లించి పత్రికను నడిపింది, హైకోర్టులోను ప్రీవీ కౌన్సిలులోను వాదించి ఓడిపోయింది. హోమ్ రూల్ ఉద్యమమూ దివ్యజ్ఞాన సమాజమూ ఆమెకు అండగా ఉన్నాయి. అటువంటి అండ లేని జిల్లా పత్రికాధిపతికి పదివేల రూపాయలంటే అచ్చుయంత్రం, అచ్చు అక్షరాలు, ఇల్లు కలిపి అమ్మినా రాని సొమ్ము. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా ప్రారంభించి 1914లో మద్రాసుకు దినపత్రికగా తెచ్చిన 'ఆంధ్రపత్రిక'కు అమృతాంజనం వ్యాపారం ఆర్థిక పునాది అయింది. తెలుగు పత్రికా చరిత్రకారులు దీనిని దాతృత్వానికి ఉదాహరణగా చెబుతారు. ధరావతుల యుగంలో పత్రికేతర రాబడి పత్రికకు రక్షణ కవచం కూడా అయ్యిందన్నది అంతే ముఖ్యమైన విషయం.

ఇక్కడ పరిశోధకుడికి ఒక చిక్కు ఎదురవుతుంది. జైలుకు వెళ్లిన సంపాదకుడికి తీర్పు ప్రతి ఉంటుంది, జైలు రికార్డు ఉంటుంది, ఆత్మకథ ఉంటుంది. ధరావతుకు జడిసి డిక్లరేషనే ఇవ్వని వాడికి ఏ రికార్డూ ఉండదు. పుట్టని పత్రికకు తొలి సంచిక లేదు. తాను రాసిన వాక్యాన్ని తానే కొట్టివేసుకున్న సంపాదకుడి చిత్తుప్రతి ఏ గ్రంథాలయంలోనూ దొరకదు. నిషిద్ధ సాహిత్య జాబితాలపై ఆధారపడిన అధ్యయనాలు నియంత్రణ విస్తృతిని తక్కువగా అంచనా వేయడానికి ఇదే మూలం.

సప్రూ సంఘం సిఫారసు మేరకు 1910 చట్టం 1922లో రద్దయింది. ఉప్పు సత్యాగ్రహ సమయంలో 1930 ఏప్రిల్‌లో ఇర్విన్ జారీచేసిన ఆర్డినెన్సుతో ధరావతు పద్ధతి తిరిగి వచ్చి, 1931లో చట్టరూపం దాల్చింది. ధరావతు చెల్లించవద్దని, అవసరమైతే పత్రిక మూసివేయమని గాంధీ జాతీయవాద పత్రికలకు సలహా ఇచ్చాడు. నవజీవన్ ముద్రణాలయం స్వాధీనమైన తరువాత 'యంగ్ ఇండియా' సైక్లోస్టైల్ ప్రతులుగా వెలువడింది. ఈ చర్యలోని రాజకీయ సూక్ష్మత గమనార్హం. యంత్రం లేకుండా నడిచే పత్రికకు యంత్రం జప్తు అవుతుందన్న భయం లేదు.

హైదరాబాదు సంస్థానం పరిస్థితి వేరు. అక్కడ పత్రిక నడపడమే ప్రభువుల అనుమతికి లోబడిన విషయం. 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వాన ప్రారంభమైన 'గోలకొండ పత్రిక' ఆ అనుమతి హద్దుల్లోనే రెండు దశాబ్దాలకు పైగా తెలంగాణ గొంతుకయింది. ఉర్దూ పాత్రికేయుడు షోయబుల్లా ఖాన్ మార్గం మరొకటి. ఆయన పనిచేసిన 'తాజ్' నిషేధానికి గురైంది. తరువాత చేరిన మందుముల నరసింగరావు 'రయ్యత్' కూడా ప్రభుత్వ నిషేధంతో ఆగిపోయింది. 1947 నవంబరులో ఆయన 'ఇమ్రోజ్' ప్రారంభించి, సంస్థానం భారత యూనియన్‌లో చేరాలని బాహాటంగా రాశాడు. 1948 ఆగస్టు 21 రాత్రి కార్యాలయం నుంచి ఇంటికి మరలుతుండగా కాచిగూడ ప్రాంతంలో రజాకార్లు ఆయనపై దాడిచేసి చేయి నరికారు. మరునాటి వేకువన ఆయన మరణించాడు. ఒక పత్రిక మూసేస్తే మరొక పత్రికలో రాయగలిగిన వ్యక్తి విషయంలో వస్తు నియంత్రణ ఓడిపోయింది. అది ఓడిపోయిన చోట హింస ప్రవేశించింది.

రాజ్యాంగం అమలులోకి వచ్చిన తొలి నెలల్లోనే ఈ సమస్య సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. బొంబాయి నుంచి రొమేశ్ థాపర్ నడిపే 'క్రాస్ రోడ్స్' వారపత్రిక తమ రాష్ట్రంలోకి రావడాన్ని, పంపిణీ కావడాన్ని మద్రాసు ప్రభుత్వం 1950 మార్చిలో నిషేధించింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. పత్రికలోని ఏ వాక్యాన్నీ శిక్షించకుండా కేవలం రవాణాను అడ్డుకోవడం ఇందులోని ప్రత్యేకత. మే 26న జస్టిస్ పతంజలి శాస్త్రి రాసిన అధిక సంఖ్యాక తీర్పు, వ్యాప్తి లేని ప్రచురణకు విలువ లేదని, పంపిణీ స్వేచ్ఛ భావప్రకటన స్వేచ్ఛలో అంతర్భాగమని తేల్చింది. ప్రభుత్వ ప్రతిస్పందన 1951 జూన్ నాటి తొలి రాజ్యాంగ సవరణ. పరిమితుల జాబితాలో 'ప్రజాశాంతి' చేరింది. ఆ పరిమితులు 'సహేతుకం' కావాలన్న షరతు కూడా చేరడం పార్లమెంటులోను వెలుపలను సాగిన విమర్శ ఫలితం.

స్వతంత్ర భారతంలో వస్తు నియంత్రణకు ప్రధాన సాధనం కాగితం. పత్రికా కాగితం అధికభాగం విదేశాల నుంచే వచ్చేది. నేపానగర్ కర్మాగారం 1950ల మధ్యలో ఉత్పత్తి మొదలుపెట్టినా దేశ అవసరాలకు చాలలేదు. విదేశీ మారకద్రవ్యం కొరత నిజం, పంపకం అనివార్యం. ఆ పంపకంతో పాటే పత్రికల పరిమాణాన్ని నిర్ణయించే అధికారం కూడా ప్రభుత్వం చేతికి వచ్చింది. 1956 ధర–పుటల చట్టం కింద 1960లో వెలువడిన ఉత్తర్వు, ఎన్ని పుటలకు ఎంత ధర ఉండాలో నిర్దేశించింది. పుణే నుంచి వెలువడే మరాఠీ దినపత్రిక 'సకాళ్' వారంలో ఆరు రోజులకు కలిపి 34 పుటలు, ప్రతి 7 నయా పైసలకు ఇచ్చేది. ఉత్తర్వు ప్రకారం ఆ ధరకు 24 పుటలే ఇవ్వవచ్చు. పుటలు తగ్గించుకోవాలి, లేదా ధర పెంచి పాఠకులను వదులుకోవాలి.

ప్రభుత్వ వాదనను తేలికగా కొట్టివేయడానికి వీలులేదు. పెద్ద పత్రికలు తక్కువ ధరకు ఎక్కువ పుటలిచ్చి చిన్న పత్రికలను మింగివేస్తాయన్నది వాస్తవిక భయమే. దేశభాషా పత్రికలు ఆ పోటీ వల్ల నష్టపోతాయన్న సానుభూతి కూడా ఆ శాసనం వెనుక ఉంది. కాని న్యాయస్థానం ముందుకు వచ్చి తన వ్యాప్తి తగ్గిపోతుందని మొరపెట్టుకున్నది ఒక దేశభాషా పత్రికే కావడం ఆ సానుభూతిని ప్రశ్నార్థకం చేసింది. 1961 సెప్టెంబరు తీర్పులో జస్టిస్ ముధోల్కర్, పుటల సంఖ్య, వ్యాప్తి రెండూ భావప్రకటనలో భాగాలేనని, వ్యాపార నియంత్రణ పేరుతో వాటిని కుదించరాదని నిర్ణయించారు.

ప్రభుత్వం ఇంకో దారి వెతుక్కుంది. 1972–73 కాగితం దిగుమతి విధానం పది పుటల గరిష్ఠ పరిమితి విధించింది. తనకు కేటాయించిన కోటాలోనే పుటలు పెంచి ప్రతులు తగ్గించుకునే వెసులుబాటు కూడా ఇవ్వలేదు. ఈ ఒక్క నిబంధన విధానపు అసలు స్వభావాన్ని బయటపెడుతుంది. ఇచ్చిన కాగితం ఎట్లా వాడుకున్నా కొరత పెరగదు. బెనెట్ కోల్మన్ కేసులో 1972 అక్టోబరు 30న అధిక సంఖ్యాక న్యాయమూర్తులు ఈ విధానాన్ని కొట్టివేశారు. జస్టిస్ ఎ.ఎన్. రే రాసిన ఆ తీర్పుతో ఏకీభవించిన వారిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పూర్వ ప్రధాన న్యాయమూర్తి పి. జగన్మోహన్ రెడ్డి ఒకరు. విభేదించిన జస్టిస్ మాథ్యూ, స్వేచ్ఛ పత్రికాధిపతిది మాత్రమే కాదని, భిన్నాభిప్రాయాలు వినే హక్కు ప్రజలదని వాదించారు. సిద్ధాంతరీత్యా అది బలమైన వాదమే. అయితే ఆ హక్కును కాపాడే బాధ్యత కోటా పంచే అధికారికి అప్పగిస్తే ఏమవుతుందో మూడేళ్లు తిరగకుండానే తేలిపోయింది.

1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటనకు ముందే ఢిల్లీ బహదూర్ షా జఫర్ మార్గ్‌లోని పత్రికా కార్యాలయాలకు విద్యుత్తు ఆగిపోయింది. 'హిందూస్థాన్ టైమ్స్', 'స్టేట్స్‌మన్' మరునాడు వెలువడగలిగాయి; వాటికి విద్యుత్తు వచ్చేది న్యూఢిల్లీ పురపాలక సంఘం నుంచి. పత్రిక వెలువడడం ఆ రాత్రి ఏ తీగ మీద ఆధారపడ్డానన్న దానితో ముడిపడింది. తరువాత వచ్చిన ముందస్తు సెన్సారు, డిసెంబరు నాటి అభ్యంతరకర ప్రచురణల నిరోధక ఆర్డినెన్సు, ప్రెస్ కౌన్సిల్ రద్దు, ఫిరోజ్ గాంధీ కృషితో వచ్చిన 1956 పార్లమెంటరీ వార్తల రక్షణ చట్టం రద్దు సుపరిచితాలే. వాటికన్నా తక్కువ చర్చకు వచ్చినవి ఆర్థిక చర్యలు. ప్రభుత్వ ప్రకటనల కోసం పత్రికలను మిత్ర, తటస్థ, శత్రు వర్గాలుగా విభజించినట్లు 1977లో వెలువడిన శ్వేతపత్రం వెల్లడించింది. 1976 ఫిబ్రవరిలో నాలుగు వార్తా సంస్థలను 'సమాచార్' పేరిట విలీనం చేశారు. దానితో వార్త అనే ముడిసరుకుకు కూడా ఒకే గిడ్డంగి మిగిలింది.

ప్రభుత్వ ప్రకటనలూ కోటాలూ లేని చిన్న పత్రికలపై ఈ సాధనాలు పనిచేయవు. తెలుగులో 'సృజన' వంటి సాహిత్య పత్రికలు పాఠకుల చందాలతో నడిచేవి. వాటి విషయంలో ప్రభుత్వం పాత పద్ధతికే వెళ్లింది. వరవరరావు సహా పలువురు విప్లవ రచయితలు ఆ కాలమంతా నిర్బంధంలో ఉన్నారు. పెద్ద పత్రికల మౌనాన్ని, చిన్న పత్రికల నిర్బంధాన్ని వ్యక్తుల ధైర్యసాహసాల తేడాగా మాత్రమే వివరించడం సరికాదు. పోగొట్టుకోవడానికి ఏమేమి ఉన్నాయన్నది కూడా లెక్కలోకి రావాలి.

1977లో అభ్యంతరకర ప్రచురణల చట్టం రద్దయింది, పార్లమెంటరీ వార్తల రక్షణ తిరిగి వచ్చింది. 1978 చట్టంతో ప్రెస్ కౌన్సిల్ పునరుద్ధరింపబడింది. కాగితం కోటా మాత్రం కొనసాగింది. అంతకుముందు సుంకం మినహాయింపు ఉన్న దిగుమతి కాగితంపై 1981లో 15 శాతం, మరుసటి ఏడు టన్నుకు రూ.825 సుంకం పడింది. ఇండియన్ ఎక్స్‌ప్రెస్ కేసులో 1984 డిసెంబరులో జస్టిస్ వెంకటరామయ్య ఆ సుంకాన్ని పునఃపరిశీలించమని ప్రభుత్వాన్ని ఆదేశించారు. పత్రికా కాగితం పంపకంపై ప్రభుత్వ అదుపు 1995లో గాని తొలగలేదు.