చీకటి గదిలో అమానత్: నేనింకా రీళ్లు ఎందుకు కడుగుతున్నాను



మొన్న ఈద్‌కి ఇంటికొచ్చిన మా చెల్లెలి కొడుకు, బాత్రూమ్ తలుపు కింద నేను దోపిన దుప్పటి చూసి ఒకటే నవ్వు. "మామూ, ఫోన్‌లో సెకనుకు పది ఫొటోలొస్తాయి. మీరింకా చీకట్లో కూర్చుని రీలు కడుగుతారేంటి?" అన్నాడు. సవాల్ జాయజే. ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. అందుకే కొంచెం తారీఖ్ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక ఘలత్‌ఫహమీ తీర్చుకుందాం. "కెమెరా" అన్న మాట అరబీ "ఖమరా" నుంచి పుట్టిందని మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతూ ఉంటుంది. వినడానికి ఫఖ్ర్‌గా ఉంటుంది గానీ సబూత్ లేదు. కెమెరా లాటిన్ మాట. కమాను కప్పున్న గది అని అర్థం. లాటిన్‌లోకి గ్రీకు నుంచి వచ్చింది. మనం ఇంట్లో రోజూ వాడే "కమరా" కూడా పోర్చుగీసు వాళ్ల వెంట వచ్చిన ఆ మాటే. మన బుజుర్గుల గొప్పతనానికి ఝూట్ సహారా అక్కర్లేదు. ఉన్న సంగతే చాలు.

ఆ సంగతి ఇబ్న్ అల్-హైసమ్‌ది. సుమారు 965లో బస్రాలో పుట్టి, 1040 ప్రాంతంలో ఖాహిరాలో ఇంతిఖాల్ అయ్యాడు. కంటి నుంచి కిరణాలు బయల్దేరి వస్తువును తాకితే మనకు కనబడుతుందని పెద్ద పెద్ద యూనానీ ఆలిములు చెప్పిపోయారు. కాదు, రౌష్నీ వస్తువు నుంచి కంటికి వస్తుందని ఈయన తజ్రుబాలు చేసి చూపించాడు. చీకటి గది గోడకు చిన్న సూరాఖ్, బయట వరుసగా దీపాలు. లోపలి గోడ మీద దీపానికో వెలుగు మచ్చ పడుతుంది. ఒక దీపం మూస్తే దాని మచ్చ ఒక్కటే పోతుంది, మిగతావి అలాగే ఉంటాయి. ఇంత సాదా తజ్రుబా! గ్రహణం నాడు సూరాఖ్ గుండా పడ్డ వెలుగు హిలాల్ షకల్‌లో ఎందుకుంటుందో వివరిస్తూ వేరే రిసాలా కూడా రాశాడు. ఆయన "కితాబుల్ మనాజిర్" లాటిన్‌లోకి తర్జుమా అయి, 1572లో బాసెల్ నగరంలో అచ్చయింది.

అయితే ఇన్సాఫ్‌గా చెప్పాలంటే అది ఫొటో కాదు. గోడ మీద పడ్డ అక్స్ సూర్యుడితో పాటే వెళ్లిపోయేది. దాన్ని నిలపడానికి వెండి కావలసి వచ్చింది. 1839లో పారిస్‌లో డాగేర్ పద్ధతి బయటపడింది. ఒక్క నెగెటివ్ నుంచి ఎన్ని ప్రింట్లయినా తీసే పద్ధతికి 1841లో ఇంగ్లండ్‌లో టాల్బాట్ పేటెంట్ తీసుకున్నాడు. వెండి లవణాలను హైపో కరిగిస్తుందని హెర్షెల్ 1819లోనే కనుక్కుని ఉన్నాడు. ఫొటో కాలగర్భంలో కలిసిపోకుండా నిలబెట్టింది ఆ హైపోనే. నా బాత్రూమ్‌లో నేటికీ అదే.

ఇక మన ఖౌమ్‌లో చాలామందికి తెలియని రెండు పేర్లు.

ఒకటి ముహమ్మద్ సాదిఖ్ బే. మిస్రీ ఫౌజ్‌లో ఇంజనీరు. మదీనా మునవ్వరా మొట్టమొదటి ఫొటోలు 1861లో తీసింది ఆయనే. మక్కా ముకర్రమాను 1880, 1881 ప్రాంతంలో తీశాడు. ఆ రోజుల్లో గాజు పలకకు కొలోడియన్ పూసి, వెండి నీళ్లలో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి, అక్కడికక్కడే కడగాలి. హిజాజ్ ఎండలో ఆ తడి ఎన్ని నిమిషాలుంటుందో మీరే ఊహించుకోండి. పెట్టెలో రసాయనాలు, గాజు పలకలు, చీకటి డేరా, నీళ్లు, అన్నీ ఒంటెల మీద మోసుకుపోయే ముసాఫిర్ ఒక్కో తస్వీర్‌కి ఎంత మెహనత్ పడి ఉంటాడు!

రెండోది సయ్యద్ అబ్దుల్ గఫ్ఫార్. మక్కా వాసి, హకీమ్. 1880ల్లో కాబా షరీఫ్‌ను, హాజీలను తీశాడు. డచ్ పండితుడు స్నూక్ హుర్గ్రోనే 1885లో మక్కాలో ఉండి, ఆయనతో దోస్తీ చేశాడు. తర్వాత 1889లో ఆ తస్వీర్లతో పుస్తకం వేశాడు. అబ్దుల్ గఫ్ఫార్ ఫొటోల మీద తన పేరు అరబీలో రాసుకున్నాడు. పుస్తకంలోకి వచ్చేసరికి చాలా వాటి మీద ఆ దస్తఖత్ లేదు. పేరు చెరిపేస్తే మెహనత్ ఇంకొకరిదైపోతుంది. చెరపని దస్తఖత్ ఉన్న అసలు ప్రింట్లు నిలిచి ఉండబట్టే ఈ రోజు ఆయన హఖ్ ఆయనకు దక్కింది.

ఇప్పుడు మన దక్కన్‌కి వద్దాం. మేరఠ్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టిన లాలా దీన్‌దయాల్, ఆరో నిజామ్ మీర్ మహబూబ్ అలీ ఖాన్ దర్బారు ఫొటోగ్రాఫర్ అయ్యాడు. హుజూర్ ఆయనకిచ్చిన ఖితాబ్ "ముసవ్విర్ జంగ్". ఒక జైన కళాకారుడికి ముస్లిం బాద్షా ఇచ్చిన ఆ ఖితాబ్ మన గంగా-జమునా తహజీబ్‌కి మంచి నిషానీ. నాకు అంతకంటే నచ్చే విషయం ఇంకొకటుంది. 1892లో ఆయన హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తైన గోడలు. లోపల తీసేది ఒక ఇంగ్లీషు మహిళ, మిసెస్ కెన్నీ-లెవిక్. పర్దా పాటించే బేగములు మగవాళ్ల నజర్ పడకుండా తస్వీర్ తీయించుకునే ఇంతెజామ్ అది. హయా, హునర్ రెండూ ఒక కప్పు కింద ఉండొచ్చని నూట ముప్పై ఏళ్ల కిందటే మన హైదరాబాద్ చూపించింది.

అసలు తస్వీర్ జాయజా అని మీరడగొచ్చు. నేను ఆలిమ్‌ను కాను, ఉన్న ఇఖ్తిలాఫ్ మాత్రం చెబుతాను. ఫొటో అంటే కొత్తగా సృష్టించడం కాదు, నీడను ఆపి ఉంచడమే అని మిస్ర్ ముఫ్తీగా ఉన్న షేఖ్ ముహమ్మద్ బఖీత్ రాశారు. హిందుస్తాన్ ఉలమాల్లో చాలామంది దాన్ని ఒప్పుకోలేదు, పాస్‌పోర్ట్ లాంటి జరూరత్‌కి మాత్రం ఇజాజత్ ఇచ్చారు. డిజిటల్ వచ్చాక కొందరు ఉలమా ఇంకో మాటన్నారు: స్క్రీన్ మీది బొమ్మ అద్దంలో అక్స్ లాంటిది, కాగితం మీద ప్రింట్ తీస్తేనే తస్వీర్. ఆ లెక్కన ఫోన్ కంటే నా రీలే పెద్ద మసలా! అందుకే నేను ఎక్కువగా మీనార్లు, పాత ఇమారత్‌లు, తుంగభద్ర ఒడ్డే తీస్తాను. వల్లాహు ఆలమ్.

మాది కర్నూలు. 1986లో మా నానీమా హజ్‌కి బయల్దేరితే పాస్‌పోర్ట్‌కి ఫొటో కావలసి వచ్చింది. జిందగీలో అంతకుముందు కెమెరా ముందు కూర్చోలేదు. మొహల్లా స్టూడియో చాచా లైట్లు, కెమెరా సర్ది, ఫోకస్ చూసుకుని బయటికి వెళ్లి నిలబడ్డారట. బటన్ నొక్కింది చాచీ. కడిగాక నాలుగు ప్రింట్లతో పాటు నెగెటివ్ కూడా కవర్లో పెట్టి నానీమా చేతికిచ్చి, "ఇది మీ అమానత్, నా దగ్గర ఉండకూడదు" అన్నారట. చాచాకు ముసవ్విర్ జంగ్ జనానా స్టూడియో సంగతి తెలుసో లేదో గానీ, ఆ అదబ్ మాత్రం ఆయనకు తెలుసు. నాకు రీలు కడగడం నేర్పింది కూడా ఆయనే.

2009 అక్టోబరు మొదట్లో మా ఊరికి వచ్చిన వరద మీకు యాద్ ఉండే ఉంటుంది. మా ఇంట్లో అటక దాకా నీళ్లు. అప్పటికి నానీమా లేరు. నీళ్లు తీశాక చూస్తే ఆల్బమ్‌లోని ప్రింట్లన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి, విడదీస్తే ముఖాలు ఊడిపోయాయి. కంప్యూటర్ బురదతో నిండింది. చెల్లెలి నికాహ్ ఫొటోలన్నీ దాంట్లోనే, ఇంకో కాపీ లేదు. నెగెటివ్‌ల రేకుడబ్బాలో మాత్రం ఇంకా నీళ్లు నిలిచే ఉన్నాయి. ఆ డబ్బా తీసుకుని చాచా దగ్గరికి పరిగెత్తాను. ఆయన స్టూడియో కూడా మునిగింది. అంత నష్టంలోనూ, "ఆరనివ్వకు బేటా. ఆరితే అంటుకుంటాయి. మంచినీళ్లలో ఉంచి ఒక్కొక్కటీ విడదీయి" అన్నారు. రాత్రంతా బకెట్లు మార్చి కడిగి, దండేనికి క్లిప్పులతో వేలాడదీశాం. పదిహేడు కవర్లలో ఆరే దక్కాయి. ఆ ఆరింటిలో నానీమా ఉంది.

డిజిటల్ మీద నాకు దుష్మనీ లేదు. మేం కాపీలు దాచుకోకపోవడం మా ఘలతీ. దాచుకుని ఉంటే ఆ నికాహ్ తస్వీర్లు ఈ రోజు మాకు ఉండేవి. రీలుకు ఆ సౌలత్ లేదు, ఉన్నది ఒక్కటే అసలు. కొడాక్‌లో ఇంజనీరు స్టీవెన్ సాసన్ 1975లోనే డిజిటల్ కెమెరా తయారు చేశాడు. అదే కొడాక్ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది. మన దేశంలో "ఇందు" పేరుతో ఫిల్మ్ చేసిన ఊటీ హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ కూడా మూతపడింది. అయినా రీలు పూర్తిగా చావలేదు. కొడాక్ ఎక్టాక్రోమ్ 2018లో తిరిగొచ్చింది. 2024లో పెంటాక్స్ కొత్తగా ఫిల్మ్ కెమెరాయే విడుదల చేసింది.

ఇక నా బాత్రూమ్ సంగతి. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 రీలుకు డీ-76 డెవలపర్‌లో 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. మే నెలలో కర్నూలు ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలెక్కడివి? ఐసు టబ్బులో సీసాలు పెట్టి 24కి దించి, ఐదు నిమిషాలకు కుదిస్తాను. రీలును డబ్బాలోకి ఎక్కించేటప్పుడు ఎర్ర లైటు కూడా పనికిరాదు, పూర్తి అంధేరా కావాలి. తర్వాత ఫిక్సర్ ఐదు నిమిషాలు. కడగడానికి కుళాయి వదిలేయను. డబ్బా నింపి ఐదుసార్లు తిప్పి పారబోయడం, మళ్లీ నింపి పదిసార్లు, మళ్లీ ఇరవైసార్లు. అంతే సరిపోతుంది. వుజూలోనూ నీళ్ల ఇస్రాఫ్ వద్దన్న దీన్ మనది. వాడేసిన ఫిక్సర్‌లో వెండి ఉంటుంది కాబట్టి కాల్వలో పోయకుండా క్యాన్‌లో దాస్తాను.

మొన్న మేనల్లుడు అసలు అడగాలనుకున్నది చివర్లో అడిగాడు. "మామూ, పర్‌నానీ నెగెటివ్ స్కాన్ చేసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి." గ్రూపులో అరవై మంది ఉన్నారు. అక్కడి నుంచి ఎవరి ఫోన్‌లోకి పోతుందో, ఎవరి స్టేటస్ అవుతుందో ఎవరికి తెలుసు? జిందగీలో ఒక్కసారి, అదీ హజ్ జరూరత్‌కి, చాచీ ఎదుట మాత్రమే ముఖం చూపిన మనిషి. ఆమెను ఇజాజత్ అడగడానికి ఆమె లేదు. "పెట్టను బేటా" అన్నాను. దుబాయ్‌లో ఉన్న మా ఖాలా కొడుక్కి కోపం వచ్చింది, నానీని చూసే హఖ్ తనకు లేదా అని. ఉంది. అందుకే ఆ రాత్రి పెద్ద ప్రింట్లు నాలుగు తీశాను. అమ్మీకి, ఇద్దరు ఖాలాలకు ఒక్కొక్కటి. నాలుగోది దుబాయ్ వెళ్లే మనిషి చేతికిచ్చి పంపాను. చూడాలనుకున్న వాళ్లు బీరువా తీసి చూస్తారు.

నేను చేసింది సరైనదేనా? మా ఇంట్లోనే రెండు రాయ్‌లున్నాయి. మీ ఇంట్లో మీరు మష్వరా చేసుకోండి. అంతకుముందు ఒక పని చేయండి. అటక మీద పాత రేకుడబ్బాలు దించి, నెగెటివ్‌లు ఉన్నాయేమో చూడండి. ఉంటే ప్లాస్టిక్ కవర్ల నుంచి తీసి కాగితం కవర్లలో పెట్టి, తేమ తగలని చోట ఉంచండి. కవర్ మీద తీసిన వాళ్ల పేరు, ఉన్న వాళ్ల పేర్లు, ఏడాది రాయండి. పెద్దవాళ్లు బతికుండగానే అడిగి రాయండి.

దుఆల్లో యాద్ ఉంచుకోండి. మా స్టూడియో చాచా మగ్ఫిరత్ కోసం కూడా.