పళ్ళు పీకిన టార్చి

నోట్లో టార్చి. రెండు చేతులూ స్తంభం మీద. నడుముకి తాడు.

పైన క్రాస్ ఆర్మ్ దగ్గర ఏదో గీరుకుంటోంది. ఇనుము మీద ఇనుము. కిర్రు... కిర్రు. తుపాను పోయి మూడు రోజులైంది. అయినా సముద్రం మీంచి అప్పుడో విసురు, ఇప్పుడో విసురు. విసురొచ్చినప్పుడల్లా ఆ చప్పుడు. లైన్‌మన్ తల పైకెత్తాడు. పళ్ళ మధ్య టార్చి కూడా పైకి లేచింది. వెలుగు మాత్రం లేవలేదు. సన్నగిల్లిపోతోంది.

"గురూ, పైనేటది?" కింద నుంచి హెల్పర్ కుర్రాడి కేక.

నోట్లో టార్చి పెట్టుకున్నవాడు జవాబేం చెబుతాడు! కుడిచెయ్యి పైకి చాచాడు. ఇంకో జానెడు. క్రాస్ ఆర్మ్ దొరికితే చాలు, ఒక్క ఊపులో ఎక్కేస్తాడు. వేళ్ళు ఇనుముకి తగలబోతుండగా టార్చి ఆరిపోయింది.

చాచిన చెయ్యి గాల్లోనే ఆగింది.

అది 2014 అక్టోబరు 15, బుధవారం రాత్రి. విశాఖపట్నం. ఆదివారం మధ్యాహ్నం హుద్‌హుద్ తుపాను గంటకి 180 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో ఊరి మీద పడి, చెట్లని వేళ్ళతో సహా పెళ్ళగించి, కొండల మీద ఆకన్నది మిగల్చకుండా దులిపేసి, కరెంటు స్తంభాలని పుల్లల్లా విరిచి, సెల్‌ఫోన్ల నోరు నొక్కేసి, పోతూ పోతూ మొత్తం నగరాన్ని చీకట్లో వదిలేసి వెళ్ళిపోయింది. ఈ ఒక్క లైను నిలబడితే కాలనీ మంచినీళ్ళ పంపు తిరుగుతుంది. లైన్ క్లియర్ తీసుకున్నారు. ఏబీ స్విచ్చు తెరిచారు. ఎర్త్ రాడ్లు తగిలించారు. కరెంటు భయం లేదు.

భయమంతా చీకటితోనే.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పాదాలతో తడుముకుంటూ దిగాడు. "గంటలో వస్తాను. ఎవుణ్ణీ ఎక్కనీకు" అన్నాడు కుర్రాడితో. బండి కిక్ కొట్టాడు.

కంచరపాలెంలో రెండు గదుల ఇల్లు. పెంకులు లేచిపోయిన చోట నీలం టార్పాలిన్ టపటపా కొట్టుకుంటోంది. తడిసిన పరుపు వాసన. గట్టు మీద ఒకే ఒక కొవ్వొత్తి.

"అన్నం పెట్టీనా?" భార్య లేచింది.

"టైము నేదు. స్క్రూడ్రైవరిలా తే."

పూర్ణా మార్కెట్‌లో ఫుట్‌పాత్ మీద 150 రూపాయలకి కొన్న చార్జింగ్ టార్చి అది. శనివారం రాత్రి చార్జింగు పెట్టాడు. ఆ తర్వాత పెట్టడానికి ఊళ్ళో కరెంటేది? మూడు స్క్రూలు ఊడదీశాడు. ప్లాస్టిక్ డొక్క విచ్చుకుంది. లోపల అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద నల్ల డబ్బా. నాలుగు వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ. బొటనవేలితో నొక్కి చూశాడు.

పొట్ట ఉబ్బిపోయి ఉంది.

ఎందుకు ఉబ్బిందో పక్కనే ఉన్న బుల్లి బోర్డు చెబుతోంది. దాని మీద ట్రాన్స్‌ఫార్మర్ లేదు. 105 అని అచ్చేసిన ఓ కెపాసిటర్ బిళ్ళ, నాలుగు డయోడ్లు. అంతే. గోడలోని 230 వోల్టులు ఆ బిళ్ళ గుండా 70 మిల్లీ ఆంపియర్లుగా సన్నగా కారతాయి. కారుతూనే ఉంటాయి. బ్యాటరీ నిండిందని ఆ బోర్డుకి తెలీదు, ఆపడం రాదు. తెల్లవార్లూ ప్లగ్గులో ఉండిపోయిన ప్రతి రాత్రీ లోపలి తడి కాస్త కాస్త ఇగిరిపోయింది. ఈ టార్చీ పని అయిపోయి చాలా కాలమైంది. మొన్నటిదాకా గోడ దాన్ని బతికించింది.

"నాన్నా, నోకియా డబ్బా తేనా?"

గుంటడికి పదేళ్ళు. అప్పటికే అటక మీంచి బిస్కెట్ల డబ్బా దించేశాడు. పాత ఫోన్లు, తెగిన చార్జర్లు, మూడు బీఎల్-5సీ బ్యాటరీలు. 3.7 వోల్టులవి. నిండా ఎక్కితే 4.2. టార్చీ దీపాలకి అటూ ఇటూగా కావలసిందీ అంతే. లైన్‌మన్ మొదటి బ్యాటరీని గచ్చు మీద పడుకోబెట్టి వేలితో తిప్పి వదిలాడు.

గిర్రున తిరిగింది. పక్కన పడేశాడు. పొట్ట ఉబ్బినదే బొంగరంలా తిరుగుతుంది. రెండోదీ తిరిగింది. మూడోది ఒక్కసారి కదిలి, గచ్చుకి అతుక్కున్నట్టు ఆగిపోయింది. బల్లపరుపుగా ఉంది. పనికొస్తుంది. కానీ అందులో చార్జింగ్ లేదు.

కొవ్వొత్తి చిటపటమంది. ఎవరూ మాట్లాడలేదు.

భార్య రవికెలోంచి తన ఫోను తీసింది. టార్చి ఉన్న నోకియా 1100. ఆదివారం నుంచి సిగ్నల్ లేదు. సిగ్నలొస్తే అమ్మకి ఫోన్ చెయ్యాలని, ఉన్న చార్జింగు పోకుండా ఆపేసి దాచుకుంది. ఒక్కసారి ఆన్ చేసి చూసింది. మూడు గీతలు. మళ్ళీ ఆపేసి, వెనక మూత తీసి, బ్యాటరీ అతని చేతిలో పెట్టింది.

"ఇదే కదా అప్పట్లో పేల్తాదని టీవీలో సెప్పారు?"

అబద్ధమేం కాదు. 2007 ఆగస్టులో నోకియా తనే ప్రకటించింది. ఒక తయారీదారు దగ్గర 2005 డిసెంబరు నుంచి 2006 నవంబరు దాకా తయారైన 4.6 కోట్ల బీఎల్-5సీలు చార్జింగులో ఉండగా వేడెక్కే ప్రమాదముందని, కావాలంటే మార్చుకోమని. ఊరూరా జనం ఫోన్లు విప్పి బ్యాటరీ వెనక నంబర్లు చదువుకున్న రోజులవి.

"అది పాత సరుకు. ఇది అది కాదు" అన్నాడు. అంటూనే దాన్నీ గచ్చు మీద పెట్టి తిప్పాడు. తిరగలేదు.

"ఫోన్లో టార్చుంది కదా, అదే అట్టికెల్లొచ్చు కదా?" గుంటడు.

"దాంతో తాళం కన్నం కనపడతాది. ఇన్సులేటర్ కనపడదు."

పాత స్విచ్చులోంచి రెండు ఇత్తడి రేకులు పీకాడు. వంచి, బ్యాటరీ కొసన ప్లస్సు మీదొకటి, మైనస్సు మీదొకటి నొక్కుకునేలా రబ్బరు బ్యాండుతో బిగించి చూశాడు. బ్యాటరీకి నేరుగా టంకం పెట్టకూడదు. లిథియానికి వేడి పడదు. వైర్లు రేకులకే అతకాలి. పాడైన టేప్‌రికార్డర్ బోర్డు మీంచి ఓ రెసిస్టరు తుంచాడు. పసుపు, ఊదా, బంగారు చారలు. నాలుగు పాయింటు ఏడు ఓములు. టార్చి ముఖాన తొమ్మిది ఎల్ఈడీలు. తలా 20 మిల్లీ ఆంపియర్లు తాగితే చాలు. కొన్ననాడు వాటికి పగ్గం లేదు, ఎంతొస్తే అంత తాగేవి. ఈ చారల పుల్లే ఇక పగ్గం.

సోల్డరింగ్ ఐరన్ చేతిలోకి తీసుకున్నాడు. 25 వాట్లది. ప్లగ్గు గాల్లో వేలాడింది.

కరెంటు లేదు కదా!

అటూ ఇటూ చూశాడు. లేచి గ్యాస్ పొయ్యి వెలిగించి, ఐరన్ రాగి మొన మంటలో పెట్టాడు. నీలం మంట కొసన పచ్చ రంగు లేచింది.

మొన కాలేలోపు ఓ మాట. సరిగ్గా ఎనిమిది రోజుల క్రితం, అక్టోబరు 7న, స్టాక్‌హోంలో భౌతికశాస్త్రం నోబెల్ ప్రకటించారు. అకసాకి, అమానో, నకమురా. నీలం రంగు ఎల్ఈడీ కనిపెట్టినందుకు. ఆ నీలం వెలుగు మీద పసుపు పూత పడ్డాకే లోకానికి తెల్ల ఎల్ఈడీ దక్కింది. కంచరపాలెం వంటింట్లో గచ్చు మీద బోర్లా పడి ఉన్నవి ఆ తొమ్మిదే.

మొన తీశాడు. టంకం తీగ ఆనించాడు. కరిగింది, అతికేలోపు ఉండ కట్టి జారిపోయింది. పొయ్యి నుంచి బోర్డు దగ్గరికొచ్చేసరికే మొన చల్లారిపోతోంది. రెండోసారీ అంతే. మూడోసారి బోర్డుని పట్టకారుతో పట్టుకుని పొయ్యి పక్కకే తీసుకెళ్ళాడు. గుంటడు తీగ పట్టుకున్నాడు. సుయ్‌మంది. రోజిన్ పొగ ముక్కుల్లోకి కొట్టింది. టంకం వెండిచుక్కలా పరుచుకుని నిలిచింది.

రేకుల మధ్య బ్యాటరీ దోపాడు. స్విచ్చు నొక్కాడు.

ఏమీ లేదు.

వైర్లు తారుమారయ్యాయి. విప్పి, తిప్పి, మళ్ళీ పొయ్యి దగ్గర అతికించాడు. నొక్కాడు. వంటిల్లు తెల్లబడింది. పెంకుల సందున దాక్కున్న బల్లి పరుగెత్తింది.

"నాన్నోయ్!" గుంటడు ఎగిరాడు.

అతను మాత్రం లేవలేదు. కటింగ్ ప్లేయర్ తీసుకుని చార్జింగ్ బోర్డు వైర్లు టపాటపా కత్తిరించాడు. బోర్డు బయటికి లాగేశాడు. అక్కడితో ఆగకుండా టార్చి వెనక గోడకి గుచ్చే రెండు పిన్నులనీ పట్టి మెలితిప్పి పీకేశాడు.

"మంచి పిన్నులు ఎందుకు పాడుసేత్తావు?" అంది భార్య.

"రేపో ఎల్లుండో కరెంటొస్తాది. ఎవుడో ఒకడు అలవాటు కొద్దీ గోడకి గుచ్చుతాడు." బల్లి వెనక పడ్డ కొడుకు వంక చూశాడు. లిథియం 4.2 వోల్టుల దగ్గర ఆగాలి. ఫోన్ బ్యాటరీలో చిన్న కాపలా సర్క్యూట్ ఉంటుంది, నిజమే. కానీ గోడ కరెంటు ముందు దాన్నొక్కదాన్నే నిలబెట్టడానికి అతనికి మనసొప్పలేదు.

అద్దం చుట్టూ కొవ్వొత్తి మైనం కార్చాడు, నీరు దిగకుండా. సైకిల్ ట్యూబు రెండు ఉంగరాలుగా కోసి, టార్చీని హెల్మెట్‌కి బిగించాడు. తలాడించి చూశాడు. వెలుగు తలతో పాటే తిరిగింది. నోరు ఖాళీ. చేతులు ఖాళీ.

రాత్రి పదకొండున్నర. అదే స్తంభం.

కిర్రు... కిర్రు.

ఈసారి తల పైకెత్తగానే క్రాస్ ఆర్మ్ మొత్తం తెల్లగా కనపడింది. పగిలిన పిన్ ఇన్సులేటరు కనపడింది. దాని పక్కన, రెండు గంటల కింద అతని చెయ్యి ఆగిపోయిన చోటుకి జానెడు పైన, ఎవరింటి కప్పుదో చిరిగిన రేకు ముక్క ఇరుక్కుని ఉంది. గాలికి అటూ ఇటూ ఊగుతోంది. దాని అంచు టార్చి వెలుగులో తళుక్కుమంది, కత్తిపీటలా.

"గురూ! ఏటైనా సెప్పు!"

"తాడు పంపు" అన్నాడు. ఈసారి జవాబు చెప్పడానికి నోరుంది. "నువ్వు కింద నుంచి తప్పుకో. దూరంగా పో."

రేకు జాగ్రత్తగా దిగింది. ఇన్సులేటరు మారింది. మూడింటికి జంపర్లు బిగించాడు. టార్చి ఇంకా వెలుగుతూనే ఉంది. కొత్త బీఎల్-5సీ అయితే 1020 మిల్లీ ఆంపియర్ అవర్లు, ఆరు గంటల పని. ఇది వాడినదే, ఉన్నంతలో ఇచ్చింది.

మర్నాటి నుంచి జనరేటర్ పెట్టిన టీ బడ్డీలో, క్లిప్పు చార్జర్‌లో ఒక బ్యాటరీ, హెల్మెట్‌లో ఒకటి. జేబులోకి వెళ్ళాల్సి వస్తే ఇన్సులేషన్ టేపు చుట్టుకుని వెళ్ళేది, తాళాలూ చిల్లరా తగలకుండా.

ఇంటికి కరెంటు శనివారం రాత్రొచ్చింది. ఫ్యాను తిరిగింది. వీధంతా ఒక్కసారి అరిచింది. లైన్‌మన్ లేవలేదు, చాప మీద బూట్లతోనే పడి నిద్రపోతున్నాడు. పక్కన హెల్మెట్. గుంటడు ట్యూబు ఉంగరాలు లాగి టార్చి తీశాడు. తుపానుకి ముందు రోజూ తను చేసిన పనే. గోడ దగ్గరికి పరుగెత్తి, సాకెట్‌కి ఆనించాడు. దిగలేదు. తిప్పి ఆనించాడు. దిగలేదు. వెనక వేలు పెట్టి తడిమాడు. నున్నటి రెండు గుంటలు.

"అమ్మా, దీని పళ్ళేవీ?"