పీఎఫ్ 13 ఉన్న చోటు

క్యాంప్ ఎవాన్స్ ఆవరణలో కారు ఆపేసరికి ఇంకా తొమ్మిది కాలేదు. ఏప్రిల్ వచ్చినా న్యూజెర్సీ తీరంలో చలి పోదు. సముద్రం మీంచి వచ్చే గాలికి చెవులు మొద్దుబారుతున్నాయి. చెట్ల పైనుంచి ఓ పెద్ద డిష్ కనిపిస్తోంది. 1960లో టైరోస్ 1 ఉపగ్రహం పంపిన మేఘాల బొమ్మల్ని అందుకున్నది అదే. అంతకుముందు, 1946 జనవరిలో, చంద్రుడి మీదికి రాడార్ తరంగం పంపి ప్రతిధ్వనిని పట్టుకున్నదీ ఈ ఆవరణలోనే. ఇప్పుడిది ఇన్ఫోఏజ్ మ్యూజియం. వింటేజ్ కంప్యూటర్ ఫెస్టివల్ ఈస్ట్ జరిగేది ఇక్కడే. ఇంకో రోజైతే ఆ డిష్ కిందే గంట గడిపేవాణ్ణి. ఇవాళ మాత్రం పాత సామాను అమ్మే గది తలుపులు తెరిచారు. పదండి, ఆలస్యమైతే మంచివి మిగలవు.

లోపల బల్లల నిండా మానిటర్లు, ఫ్లాపీ డ్రైవులు, చుట్టలు చుట్టిన కేబుళ్లు. ఒక్కోదానికీ ధర రాసిన కాగితం కట్టి ఉంది. మూల బల్ల దగ్గర వంగి చూడండి. కింద అట్టపెట్టెలో బూడిద రంగు కీబోర్డు. పైకి తీయడానికి రెండు చేతులూ కావాలి, నాలుగు కిలోల దాకా ఉంటుంది. పైన రెండు వరసల్లో 24 ఫంక్షన్ కీలు. ఎడమ పక్కన విడిగా ఓ పది. మొత్తం 122. ఐబీఎం 1980ల తొలి సగంలో 3179, 3180 టెర్మినళ్లకు ఇచ్చిన మోడల్ ఎఫ్ ఇది. పాత కీబోర్డుల పిచ్చి ఉన్నవాళ్లు దీన్ని యుద్ధనౌక అంటారు.

ఏదో ఒక కీ నొక్కండి. ముందు వేలికి మెత్తగా ఎదురొస్తుంది, కొంచెం కొంచెంగా బిగుస్తుంది, ఉన్నట్టుండి టక్కున వదిలేస్తుంది. కీ కింద నిలబడి ఉన్న స్ప్రింగు ఒత్తిడికి తాళలేక పక్కకు విరుచుకుపడుతుంది. పడుతూ తన పాదం కింది చిన్న పలకను తిప్పుతుంది. ఆ పలక కింది సర్క్యూట్ బోర్డు మీది కెపాసిటెన్సును మారుస్తుంది. అక్షరం నమోదైన క్షణమూ మీ చెవిన చప్పుడు పడిన క్షణమూ ఒకటే, ఎందుకంటే రెండింటికీ కారణం ఆ స్ప్రింగే. రిచర్డ్ హంటర్ హారిస్ అనే ఇంజనీరుకు 1978లో ఈ విరుచుకుపడే స్ప్రింగు మీద పేటెంటు వచ్చింది. రోజంతా తెర చూస్తూ టైపు చేసే మనిషి ప్రతి అక్షరానికీ తల దించి చూసుకోలేడు. వేలికే జవాబు రావాలి. హారిస్ ఆ జవాబును ఒక్క స్ప్రింగుతో ఇచ్చాడు. ఇంతకన్నా చక్కటి యాంత్రిక ఆలోచన నేను మరొకటి చూడలేదు.

బల్ల వెనక పెద్దాయన మనల్నే గమనిస్తున్నాడు. "కీలు పీక్కోవడానికా, వాడుకోవడానికా?" అని అడిగాడు. కొత్త కీబోర్డులకు అలంకారంగా పాత కీలు తగిలించుకునేవాళ్లు చాలామందే ఉన్నారు, ఆయన అనుమానం న్యాయమే. వాడుకోవడానికే అన్నాను. "అయితే వైరు కోయొద్దు" అన్నాడు. కోయనని మాటిచ్చాను. ధర దగ్గర మాత్రం ఒక్క డాలరు దిగలేదు.

మధ్యాహ్నానికి ఎడిసన్‌లో మా ఇంటి బేస్‌మెంటులో ఉన్నాం. మా ఆఫీసు కుర్రాడు, వరంగల్ వాడు, అప్పటికే మెట్ల మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. పెట్టె తెరవగానే కుడిచేతి మూల మీద వేలు పెట్టాడు.

"అన్నా, గిదేంది? ఎంటర్ గిక్కడుంది?"

"నువ్వు రోజూ నొక్కేది అక్కడే కదరా."

వాడు ఒక్క క్షణం ఆగి నవ్వేశాడు. అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకున్న ప్రతివాడికీ ఈ వింత తెలుసు. మామూలు పీసీ మీద టెర్మినల్ ఎమ్యులేటర్ తెరుస్తాం. కుడి కంట్రోల్ నొక్కితే ఎంటర్. ఎడమ కంట్రోల్ నొక్కితే రీసెట్. పీఎఫ్ 13, అంటే పదమూడో ఫంక్షన్ కీ, కావాలంటే షిఫ్ట్, ఎఫ్1 కలిపి నొక్కాలి. ఎందుకని అడిగితే చెప్పేవాళ్లు లేరు, బట్టీ పట్టమన్నారు, పట్టాం. 1978లో ఐబీఎం మన దేశం వదిలి వెళ్లింది, టాటాలతో కలిసి మళ్లీ వచ్చింది 1992లో. ఈ కీబోర్డులు తయారై ప్రపంచమంతా బ్యాంకుల్లో, విమాన సంస్థల్లో మోగుతున్న కాలమంతా ఆ మధ్యలోనే గడిచింది. మేం పని నేర్చుకునే నాటికి దీని నీడ మాత్రమే మిగిలింది. ఎన్నడూ చూడని కీబోర్డు ఆకారం ప్రకారం మా వేళ్లు ఏళ్ల తరబడి నడిచాయి. ఇది నాకు ఇంత ముఖ్యం కావడానికి కారణం అదే.

వాడికి వివరంగా చూపిస్తున్నాను, మీరూ చూడండి. పెద్ద రిటర్న్ కీ దాని చోటే ఉంది, కానీ అది తర్వాతి వరసలోకి తీసుకెళ్తుందంతే. 3179 లాంటి 3270 వర్గం టెర్మినల్ మీరు టైపు చేసినదంతా తన దగ్గరే దాచుకుంటుంది. ఒక్కో అక్షరాన్నీ మెయిన్‌ఫ్రేముకు పంపదు. ఫారం పూర్తయ్యాక ఎంటర్ గానీ పీఎఫ్ కీ గానీ నొక్కితేనే ఆ మొత్తం ఒక్కసారిగా కోయాక్సియల్ కేబుల్ మీదుగా కంట్రోలరుకూ, అక్కణ్ణించి మెయిన్‌ఫ్రేముకూ పోతుంది. ఆ తర్వాత జవాబు వచ్చేదాకా కీబోర్డుకు తాళం. అంత పెద్ద అడుగు వేయించే కీ, గీత మార్చే కీ ఒకటి కాకూడదు. అందుకే ఎంటర్‌కు విడిగా ఓ మూల.

ఇక విప్పుదాం. బయటి పెంకు తీస్తే లోపల రెండు ఉక్కు పలకలు ఒకదాని కొక్కేల్లోకి ఒకటి జారి బిగుసుకుని ఉన్నాయి. వాటి నడుమ ఉండాల్సిన స్పాంజి పొడైపోయింది, వేలితో తాకితే నల్లగా రాలుతోంది. మోడల్ ఎఫ్‌లన్నింటికీ వచ్చే ముసలితనం ఇదే. స్పాంజి చచ్చుబడితే పలకల మధ్య బిగువు పోతుంది, కీలు పలకవు. కీలన్నీ ఊడదీసి సబ్బు నీళ్లలో వేశాం. వాటి అక్షరాలు పైన అచ్చేసినవి కావు, రంగును వేడితో ప్లాస్టిక్ లోపలికి ఇంకించినవి. నాలుగు దశాబ్దాల వేళ్ల రాపిడికి చెక్కుచెదరలేదు. పలకల మీది తుప్పు గీకి, కొత్త ఫోము షీటును పాతదాని కొలతకు కత్తిరించి, స్ప్రింగు గొట్టాల కోసం ఒక్కో రంధ్రం కొట్టడానికే సాయంత్రం అయింది. కీ వదిలినప్పుడు కొన్ని స్ప్రింగులు గంటలా మోగుతున్నాయి, వాటిలోకి పళ్ల మధ్య వాడే దారం ముక్క దూర్చితే చాలు, గణగణ తగ్గి టక్కు ఒక్కటే మిగులుతుంది. పలకలు తిరిగి జార్చేటప్పుడు వాడు బిగించి పట్టుకున్నాడు, నేను చెక్క అడ్డం పెట్టి సుత్తితో మెల్లగా కొట్టాను. తర్వాత కీబోర్డును నిలువుగా నిలబెట్టి కీలు తొడిగాం. పడుకోబెట్టి తొడిగితే స్ప్రింగు సరైన చోట కూర్చోదు.

"ఇప్పుడు వైరు కోసి యూఎస్‌బీ పెడదామా అన్నా?"

వద్దు. ఈ ఒక్క విషయంలో నేను మొండివాణ్ణి. కీబోర్డు లోపలి కంట్రోలర్ బతికే ఉంది. తన భాషలో తాను మాట్లాడుతూనే ఉంది, ఎదుటివాడికే ఆ భాష రాదు. అలాంటప్పుడు మాట్లాడేవాడి నాలుక కోయం, మధ్యలో దుబాసీని పెడతాం. రేపెవరైనా దీన్ని అసలు టెర్మినల్‌కు తగిలించాలనుకుంటే ఆ దారి మూసేయడానికి మనమెవరం? కంట్రోలర్ నిజంగా చచ్చిపోతే అప్పుడు కొత్త బోర్డు సంగతి చూడొచ్చు.

వైరు చివర 5 పిన్నుల గుండ్రటి డిన్ ప్లగ్గు. ఇలాంటి ప్లగ్గులన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ పిన్నుల అమరిక ఒకటి కాదు, మల్టీమీటరు పెట్టి చూడకుండా కరెంటు ఇవ్వకూడదు. మనకు కావాల్సినవి నాలుగే: 5 వోల్టులు, గ్రౌండ్, క్లాక్, డేటా. ఇటువైపు ప్లగ్గుకు సరిపడే సాకెట్టు, అటువైపు బొటనవేలంత ప్రో మైక్రో బోర్డు. దాని మీది ఏటీమెగా 32యూ4 చిప్పు యూఎస్‌బీలో నేరుగా మాట్లాడగలదు. అందులో ఎక్కించేది సోరర్స్ కన్వర్టర్ అనే ఫర్మ్‌వేర్, ఇలాంటి అనాథ కీబోర్డులకు ఆసరా అయిన గొప్ప పని అది. నాలుగు తీగలు సోల్డర్ చేసి ల్యాప్‌టాప్‌కు తగిలించాను. ఇంగ్లిష్ 'ఏ' కీ నొక్కితే తెర మీద 1సీ అనే సంకేతం పడింది. వదిలితే ఎఫ్0, 1సీ.

కీ వదిలిన కబురు చెప్పడం కూడా అడిగితేనే. టెర్మినళ్లు వాడే సెట్ 3 సంకేతాల్లో ప్రతి కీకీ ఒకే సంఖ్య, కానీ మామూలుగా చాలా కీలు నొక్కిన సంగతే చెబుతాయి, వదిలిన సంగతి చెప్పవు. అన్ని కీలూ రెండూ చెప్పాలని కన్వర్టర్ ముందుగా ఓ ఆజ్ఞ పంపుతుంది. ఆ ఆజ్ఞను వినగల తెలివి ఈ కీబోర్డులో మొదటినుంచీ ఉంది.

ల్యాప్‌టాప్‌లో హెర్క్యులీస్ అనే మెయిన్‌ఫ్రేమ్ ఎమ్యులేటర్ మీద ఎంవీఎస్ ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తోంది. కుర్రాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టాను. యూఎస్‌బీ ప్రమాణంలో ఎఫ్13 నుంచి ఎఫ్24 దాకా స్థానాలు ఉన్నాయి కాబట్టి పై వరసకు వాటినే ఇచ్చాను. అందులో టీఎస్‌ఓ సెషన్‌లోకి వెళ్లాడు, పీఎఫ్ 8తో కిందికి, పీఎఫ్ 7తో పైకి. ఎంటర్ కోసం చెయ్యి దానంతటదే కుడి మూలకు పోయింది, ఈసారి అక్కడ ఎంటర్ అని రాసి ఉంది. కావాలని షిఫ్ట్ ముట్టకుండా పీఎఫ్ 13 నొక్కాడు. మళ్లీ నొక్కాడు.

ఎడమ పక్క పది కీలు మిగిలాయి. ఈఆర్ ఈఓఎఫ్, అంటే కర్సర్ నుంచి గడి చివరిదాకా చెరిపేది, పాత పనే చేస్తోంది. సీఆర్ సెల్ దగ్గర ఆగాం. తెర మీద లైట్ పెన్నుతో ఎంచుకునే పనిని కర్సర్‌తో చేయించే కీ అది. ఇవాళ లైట్ పెన్ను ఎవరి దగ్గరుంది? మౌస్ ఎడమ బటన్ చేసేద్దామని వాడు, దానికి సోరర్ చాలదు, క్యూఎంకే అనే మరో ఫర్మ్‌వేర్ ఎక్కించాలని నేను. బోర్డు ఎలాగూ బయటే ఉంది, ఎన్నిసార్లు మార్చినా కీబోర్డుకు ఒక్క గీత పడదు. వాడు అప్పుడే క్యూఎంకే దిగుమతి చేయడం మొదలుపెట్టాడు.