సున్నానికి నోచుకోని ఊరు

మా తమ్ముడి బిడ్డ నానక్‌రామ్‌గూడ నుంచి ఫోన్ చేసి అడిగింది: "పెదనాయినా, మీ దేశంల బొమ్మరిండ్ల ఊరుందంట కదా, చూసినవా?"

చూశాను. ఇటలీలో నేనుండే బారీ నగరానికి 50 కిలోమీటర్ల పైచిలుకు దూరం. పేరు అల్బెరోబెల్లో. అయినా బొమ్మరిల్లు అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. అవి ముచ్చటపడి కట్టుకున్న ఇళ్ళు కావు.

బారీలో రైలెక్కితే దారి పొడుగునా ఆలివ్ తోటలు, మన చెల్కల్లాంటి ఎర్రమట్టి. నాగలి దించితే రాయి తగిలే నేల. తరతరాలుగా ఆ రాళ్ళు ఏరి గట్లుగా పేర్చారు. ఊళ్ళోకి వస్తే అవే రాళ్ళు ఇళ్ళయి కనిపిస్తాయి. తెల్లటి గోడల మీద కోసుగా లేచిన బూడిదరంగు రాతి కప్పు. వెనకట వడ్లు పోసే గుమ్మి మీద గడ్డికప్పు ఉండేది చూడండి, అట్లా. ఒక్కో ఇంటిని ట్రుల్లో అంటారు, చాలా ఉంటే ట్రుల్లి. మోంతి పేటలోనే 1,030 ఉన్నాయి, ఆయా పిక్కోలా పేటలో మరో 590. 1996లో యునెస్కో ఈ ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఒకసారి ఓ ముసలి మేస్త్రీ కప్పు బాగుచేస్తుంటే పొద్దంతా కూర్చుని చూశాను. సున్నపురాతి పలకలు, మన తాండూరు బండల ముక్కల్లాంటివి. వాళ్ళు కియాంకరెల్లె అంటారు. ఒక వరుస గుండ్రంగా పేరుస్తాడు, దాని మీది వరుసను కొద్దిగా లోపలికి జరుపుతాడు. వాన నీళ్ళు బయటికి జారేలా ప్రతి పలకనూ కాస్త వాలుగా ఉంచుతాడు. పెట్టాక వేళ్ళతో కదిపి చూస్తాడు. కదిలిందా, తీసి సుత్తితో అంచు కొట్టి మళ్ళీ పెడతాడు. మట్టి లేదు, సిమెంటు లేదు. రాయి బరువే రాయికి పట్టు. కప్పు మీద పడ్డ వాన చూరు వెంట కాలువలోకి, అక్కణ్ణుంచి ఇంటి కింద తొట్టిలోకి చేరుతుంది. నదులు లేని చోట ఆ తొట్టే ఇంటికి ప్రాణం.

సున్నపురాయి మీదే కాపురం. ఆ రాయిని కాల్చి సున్నం చేయడం అందరికీ తెలుసు. అయినా రాళ్ళ మధ్య సున్నం ఎందుకు పెట్టలేదు?

ఇటలీ ఒకే రాజ్యమైంది 1861లో. అంతకు ముందు ఈ దక్షిణమంతా నేపుల్స్ రాజ్యం. 1600లలో స్పెయిన్ రాజు పేరిట వైస్రాయ్‌లు ఏలేవారు. వాళ్ళ కింద ఊళ్ళూ అడవులూ ప్రభువుల చేతుల్లో. మన పెద్దలకు ఒక్క మాటతో అర్థమవుతుంది: జాగీర్దార్లు. కొన్వెర్సానో కౌంట్లు, అంటే అక్వవీవా వంశం వాళ్ళు, ఈ ఓక్ అడవికి జాగీర్దార్లు. కొత్త ఊరు వెలవాలంటే రాజు అనుమతి కావాలి, ఖజానాకు పన్ను కట్టాలి. కౌంటుకేమో అడవి కొట్టి సాగుచేసే రైతులు కావాలి, పన్ను మాత్రం కట్టడం ఇష్టం లేదు. 1620 ప్రాంతంలో జాన్‌జిరోలమో అనే కౌంటు ఇక్కడ పిండిమర, రొట్టెల బట్టీ, సత్రం పెట్టించి జనాన్ని దించాడు. ఇల్లు కట్టుకోండి కానీ సున్నం పెట్టొద్దని ఆ వంశం వాళ్ళ ఆన. రాజుగారి మనుషులు తనిఖీకి వస్తున్నారని కబురొస్తే కప్పులు కూల్చేయాలి. రాళ్ళకుప్పను ఎవరూ ఊరనరు, ఊరే లేనప్పుడు పన్నూ లేదు. సున్నం లేకుండా కట్టడం అంతకు ముందూ ఉంది, పొలాల్లో కొట్టాలు అట్లాగే కట్టేవారు. ఊరికి ఊరే అట్లా ఉండిపోవడానికి కారణం మాత్రం ఈ ఆనే అని అక్కడివాళ్ళు చెబుతారు.

ఒక్కసారి ఆలోచించండి. పిల్లలు పుట్టి, పెళ్ళిళ్ళయి, పెద్దలు పోయిన ఇల్లు. దాన్ని మన చేత్తోనే కూల్చాలి. 18వ శతాబ్దం చివరికి అట్లాంటి ఇళ్ళలో 3,500 మందికి పైగా ఉన్నారు. చివరికి వాళ్ళే నేపుల్స్ రాజు నాలుగో ఫెర్డినాండ్‌కు మొరపెట్టుకున్నారు. 1797 మే 27న ఆయన ఊరిని కౌంట్ల చేతి నుంచి విడిపించాడు. మొత్తం రాజ్యంలో ఆ ప్రభువుల హక్కులు రద్దయింది 1806లో. మన జాగీర్లు రద్దయ్యేసరికి 1949 వచ్చింది.

ఆ 1797లోనే, అదే ఊళ్ళో, సున్నం పెట్టి మొదటి ఇల్లు లేచింది. కాసా ద'అమోరె. ప్రేమ మందిరం అనుకునేరు, అది కట్టించినాయన ఇంటిపేరు. రాజు అనుమతితో కట్టిన మొదటి ఇల్లు ఇదేనని రాతి మీద చెక్కించారు. శంకువుల్లాంటి కప్పుల కోసం వచ్చినవాళ్ళు దీని ముందు నుంచే నడిచిపోతారు, తలెత్తి చూసేవాళ్ళు తక్కువ. నాకు మాత్రం ఆ ఊళ్ళో అన్నిటికన్నా పెద్ద కట్టడం అదే.

నానక్‌రామ్‌గూడలో మా తాత కట్టిన ఇల్లు గుట్ట రాయిది. 250 కోట్ల ఏళ్ళ రాయి, మధ్యన డంగు సున్నం, పైన గూన పెంకులు. మాకు ఏ కౌంటూ ఆన పెట్టలేదు. 2008లో ఔటర్ రింగ్ రోడ్డు తెరిచాక జాగాకు ధర పెరిగింది, మేమే సంతకాలు పెట్టి ఇచ్చేశాం. జేసీబీకి ఒక్క పూట పట్టింది. గోడ పెళ్ళలుగా విరిగింది కానీ రాయీ సున్నం విడిపోలేదు. మా నాయిన ఒక పెళ్ళ చేతిలోకి తీసుకుని చాలాసేపు పట్టుకునే ఉన్నాడు. ఇప్పుడక్కడ ఐదంతస్తుల హాస్టల్ ఉంది.

మొన్న కాసా ద'అమోరె గోడ దగ్గర నిలబడి, రాళ్ళ సందున గీతలా కనిపించే సున్నం మీద వేలు పెట్టాను. గరుకుగా ఉంది. ఆ సందునే ఫొటో తీసి మా పిల్లకు పంపాను.

"ఇదేంది పెదనాయినా, ఉత్త గోడేనా?" అని రాసింది.

"సున్నం, బిడ్డా" అని మొదలుపెట్టి, ఈ ముచ్చటంతా చెప్పాను.