కుక్క మెడలో బిళ్ళ – ఎవరి పేరు?

బిళ్ళ అన్న మాటకు మన భాషలో ఒక చరిత్ర ఉన్నది. దొరల కాలపు కచేరీలలో బంట్రోతు భుజం మీదుగా పట్టీ వేసుకొని, దానికి ఇత్తడి బిళ్ళ తగిలించుకొని తిరిగేవాడు. బిళ్ళబంట్రోతు అన్న పేరు అలా వచ్చినదే. ఆ బిళ్ళ మీద చెక్కినది కచేరీ పేరు గాని బంట్రోతు పేరు కాదు. ఆ మనిషి ఎవడో ఊరికి అక్కరలేదు, ఎవరి తాలూకో తెలిస్తే చాలు. పెంపుడు కుక్క మెడలో బిళ్ళ కట్టేటప్పుడు దాని మీద ఏమి వ్రాయించాలన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది.

తెలుగు సాహిత్యంలో కుక్క మొదటిసారి అడుగుపెట్టినది కూడా మా గోదావరి గట్టుననే. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుని కొలువున నన్నయ తెనిగించిన ఆదిపర్వం ప్రథమాశ్వాసంలోనే సరమ కథ ఉన్నది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి ఒక కుక్కపిల్ల ఆడుకొంటూ వచ్చింది. రాజు తమ్ముళ్ళు దానిని కొట్టారు. అది ఏడుస్తూ తల్లితో చెప్పుకొన్నది. తల్లి సరమ, దేవతల కుక్క. నేరుగా రాజు ఎదుటికి వచ్చి నిలదీసింది. ఆ కుక్కపిల్ల పేరు సారమేయుడు, అనగా సరమ కొడుకు. సంస్కృతంలో కుక్కజాతి మొత్తానికి అదే పేరయింది. కుక్క మెడలో మనవాళ్ళు వేసిన తొలి బిళ్ళ ఇదేనని నాకు అనిపిస్తుంది. దాని మీద ఉన్నది యజమాని పేరు కాదు, తల్లి పేరు. అడిగేవారు ఉన్నారని తెలిపే పేరు అది.

రాతి మీద చెక్కిన పేరు కావాలంటే పొరుగున ఉన్న కన్నడ దేశానికి పోవాలి. మండ్య ప్రాంతంలోని ఆతకూరు శాసనం 10వ శతాబ్దం నడిమిది. రాష్ట్రకూట మూడవ కృష్ణుడు, గంగ బూతుగుడు చోళులతో తక్కోలం వద్ద చేసిన యుద్ధాన్ని అది చెబుతుంది. ఆ యుద్ధంలో పరాక్రమం చూపిన మణలేరుడనే వీరుడు బహుమానంగా కోరుకొన్నది కాళి అనే వేటకుక్కను. ఆ కాళి తరువాత ఒక అడవిపందితో పోరాడింది, రెండూ చచ్చిపోయాయి. కుక్కకు శిల నిలిపి, పూజకు భూమి ఇచ్చారు. ఆ రాతిమీద కుక్క పేరు, యజమాని పేరు, అది చేసిన పని మూడూ ఉన్నాయి. చచ్చిన తరువాతి బిళ్ళకు ఇంతకంటె ఏమి కావాలి? బ్రతికి ఉన్న కుక్క సంగతి వేరు.

పడమటి దేశాల బిళ్ళల కథలో ఒక చేదు ఉన్నది. రోములో దొరికిన ఒక ఇనుప కంటె బిళ్ళ మీద, నేను పారిపోయాను, పట్టుకో, జోనినుస్ అనే యజమానికి అప్పగిస్తే ఒక బంగారు నాణెం ఇస్తాడు అన్న అర్థం వచ్చే వ్రాత ఉన్నది. అది కుక్క మెడలోనిది కాదు, బానిస మెడలోనిదని పండితుల అభిప్రాయం. 18వ శతాబ్దంలో ఆంగ్లకవి పోప్ యువరాజుకు ఒక కుక్కనిస్తూ దాని పట్టీ మీద ఒక ద్విపాదిక చెక్కించాడు. నేను యువరాజు కుక్కను, మరి తమరు ఎవరి కుక్క అని అది చదివేవాడిని అడుగుతుంది. మెడలో బిళ్ళ వేసేవాడికీ వేయించుకొనేవాడికీ గల సంబంధాన్ని ఇంతకంటె ఎవరూ వెక్కిరించలేదు.

ఇక మా అన్నవరం. రత్నగిరి మీద సత్యదేవుని ప్రతిష్ఠ జరిగినది 1891లో. మద్రాసు–హౌరా రైలుమార్గమూ, జాతీయ రహదారీ ఊరి పక్కనే కావడంతో వ్రతాలకూ పెళ్ళిళ్ళకూ ఎక్కడెక్కడి వారో వస్తారు. ఒక కార్తికంలో తొలిపావంచా దగ్గర ఒక తెల్ల కుక్క జనంలో చిక్కుకొని వణకుతూ కనిపించింది. మెడలో మెరిసే బిళ్ళ, దాని మీద జిమ్మీ అన్న పేరు, అంతే. జిమ్మీ అని పిలిచిన ప్రతివాడికీ అది తోక ఊపింది. దానిని ఎక్కడికి చేర్చాలో ఎవరికీ తెలియలేదు. సాయంత్రానికి దాని వాళ్ళే వెదుక్కొంటూ తిరిగి వచ్చారు గనుక సరిపోయింది. కుక్క పేరు కుక్కకు తెలుసు, ఇంటివాళ్ళకు తెలుసు. బిళ్ళ చదివేది మూడవవాడు. అతడికి కావలసినది ఫోన్ నంబరు. దొంగకు మాత్రం పేరే ఎక్కువగా పనికివస్తుంది.

బ్రిటనులో 1992 నాటి ఉత్తర్వు ప్రకారం బహిరంగ స్థలంలో తిరిగే కుక్క పట్టీ మీద యజమాని పేరు, చిరునామా ఉండాలి. కుక్క పేరు ఊసే లేదు. మన దేశంలో కుక్కల సంతాన నియంత్రణకు 2001లో చేసిన నియమాలలో, పట్టుకొన్న వీధికుక్కకు గుర్తింపు బిళ్ళ వేయాలన్నారు. ఎందుకంటే శస్త్రచికిత్స అయ్యాక దానిని పట్టిన చోటనే వదలాలి. అంటే ఆ బిళ్ళ చెప్పేది దాని వీధి. ఏ ఇల్లూ లేని కుక్కకు వీధే చిరునామా అని ప్రభుత్వం ఒప్పుకొన్నదన్నమాట.

బిళ్ళ మీద ఉండవలసిన రెండవ మాట టీకా. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద తొలి రైలు వంతెన సిద్ధమైన 1900లోనే కసౌలీలో పాస్తర్ సంస్థ ఏర్పడింది. దక్షిణాదిన కూనూరు సంస్థ 1907లో వచ్చింది. పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అన్న భయం మా తరం వరకూ వచ్చినది ఆ పాత మందు వల్లనే. నాడీకణజాలంతో చేసే ఆ మందు తయారీని మన దేశంలో 2004 చివరకు మానివేశారు. ఇప్పుడు చేతికి వేసే సూదులు కొద్దే. కాని ఒక నియమం మారలేదు. కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టి చూడాలి. అది ఆరోగ్యంగా ఉంటే కరిచిన నాటికి దాని చొంగలో రేబీస్ లేనట్లే. అంతవరకూ చికిత్స ఆపకూడదు. గాయాన్ని సబ్బుతో పావుగంట కడిగి, వెంటనే సూది వేయించుకోవాలి. ఆ పది రోజులూ కనిపెట్టాలంటే మాత్రం ఆ కుక్క ఎవరిదో తెలియాలి. కనుక బిళ్ళ కుక్క కోసమే కాదు, అది కరిచిన పసివాడి కోసం కూడా.

నా మట్టుకు నేను వ్రాయించేది ఇంతే: ఒక పక్క పనిచేసే రెండు ఫోన్ నంబర్లు, ఊరి పేరు, మరొక పక్క రేబీస్ టీకా వేయించిన నెల, ఏడు. అంకెలు ఒడిశా వారైనా, వంగదేశం వారైనా చదవగలిగినవి కావాలి. చర్మం కింద పెట్టే పదిహేను అంకెల చిప్పు మంచిదే గాని, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయలమ్మే మనిషి దానిని చదవలేడు.

స్వర్గద్వారం దాకా ధర్మరాజు వెంట వెళ్ళిన కుక్కకు పేరూ లేదు, బిళ్ళా లేదు. నన్ను నమ్మి వచ్చినది, విడువను అని ఆయన అన్న మాటే దానికి బిళ్ళ. అంత మాట నిలుపుకోలేని మనకు ఇత్తడి ముక్క కావాలి. మీ ఊళ్ళలో పురపాలక సంఘాలు కుక్కలకిచ్చిన పాత బిళ్ళలు ఎవరైనా చూసి ఉంటే, వాటి మీద ఏమి వ్రాసి ఉన్నదో చెప్పగలరు.